షవర్ కారుతోందా? ముందు అది వాల్వ్‌కి ఇవతలో అవతలో చూడండి

షవర్ పాడైంది అని ఎవరన్నా అంటే నేను అడిగేది ఒకటే, కట్టేశాక కూడా కారుతోందా లేక తిప్పి ఉన్నప్పుడేనా అని. చాలామంది ఇది గమనించరు, హెడ్డు దగ్గర నీళ్ళు కనిపించాయి కాబట్టి హెడ్డే పోయిందనుకుని కొత్తది కొనుక్కొచ్చి బిగించేస్తారు, మర్నాడు పొద్దున చూస్తే కొత్త హెడ్డు నుంచి కూడా అవే చుక్కలు.

మనం చేత్తో తిప్పే నాబ్ వెనకాల వాల్వ్ ఉంటుంది కదా, షవర్ మొత్తాన్ని అది రెండు ముక్కలు చేస్తుంది. దానికి ముందున్న పైపుల్లో నీళ్ళు రాత్రీ పగలూ ప్రెషర్‌తో నెడుతూనే ఉంటాయి. దాన్ని దాటాక ఉన్నవి, అంటే నీళ్ళని షవర్‌కో కింద ట్యాపుకో మళ్ళించే డైవర్టర్, గోడలోంచి పైకెళ్ళే పైపు, గోడలోంచి బయటికొచ్చి హెడ్డుని మోసే షవర్ ఆర్మ్, హెడ్డు, ఇవన్నీ మనం స్నానం చేసే కాసేపే పని చేస్తాయి, మిగతా రోజంతా ఖాళీ. అందుకే కట్టేశాక కూడా ఆగకుండా చుక్క పడుతోందంటే తప్పు వాల్వ్‌దే, హెడ్డు ఎన్ని మార్చినా లాభం లేదు. తిప్పినప్పుడు మాత్రమే, నాబ్ దగ్గర కాకుండా ఇంకెక్కడో కారుతోందంటే వాల్వ్ బానే ఉంది, దాని తర్వాత ఏదో జాయింట్ వదిలింది.

ఒక్క మినహాయింపు ఉంది. కట్టిన వెంటనే కాసేపు చుక్కలు పడటం మామూలే, ఆర్మ్‌లోనూ హెడ్డులోనూ మిగిలిన నీళ్ళు అవి. పెద్ద రెయిన్ షవర్లయితే ఇంకా విచిత్రం, అన్నీ ఆగిపోయాయి అనుకున్నాక ఎప్పుడో లోపలికి గాలి దూరి ఒక్కసారిగా గుబుక్కున కొన్ని నీళ్ళు కుమ్మరిస్తాయి, దానికి కంగారు పడక్కర్లేదు. పడుకునేముందు కింద పొడి బకెట్ పెట్టండి, పొద్దునకి అడుగు మాత్రమే తడిస్తే వదిలేయండి, నీళ్ళు నిలిచి ఉంటే మాత్రం వాల్వ్ సంగతి చూడాల్సిందే. సెకనుకో చుక్క అంటే రోజుకి 86,400 చుక్కలు, చుక్క పావు మిల్లీలీటర్ అనుకున్నా 20 లీటర్లు దాటిపోతుంది. అది వేడి నీళ్ళ వైపు కారుతుంటే కరెంటు కూడా దాంతోపాటే పోతున్నట్టు.

ఇక వాల్వ్ లోపల ఏముంటుందో తెలిస్తే మిగతా కథ సులువు. పాత రకంలో నాబ్‌ని చాలా చుట్లు తిప్పాలి, లోపల స్పిండిల్ అనే కడ్డీ కిందికి దిగి చివర్న ఉన్న రబ్బరు వాషర్‌ని ఇత్తడి సీటు మీద నొక్కుతుంది. ఇదివరకటి కంటే గట్టిగా బిగిస్తే తప్ప ఆగట్లేదంటే వాషర్ అరిగిపోయిందన్నమాట. ఇక్కడ చాలామంది చేసేది ఇంకా బలంగా బిగించడం, నాకు ఇది చూస్తే ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే వాషర్ నలిగిపోయాక లోహం లోహం రాసుకుని సీటు గాట్లు పడుతుంది, అప్పుడు కొత్త వాషర్ వేసినా ఆగదు, సీటుని ప్రత్యేకంగా సాన పట్టించాలి, అదీ కుదరకపోతే మొత్తం మార్చాలి. ఇంకో తేడా కూడా గుర్తుపెట్టుకోండి, తిప్పినప్పుడు నీళ్ళు నాబ్ చుట్టూ ఊరుతున్నాయంటే అది వాషర్ కాదు, స్పిండిల్ చుట్టూ ఉండే రబ్బరు ఓ-రింగో ప్యాకింగో పోయింది.

కొత్త రకంలో నాబ్ పావు చుట్టే తిరుగుతుంది, 90 డిగ్రీలు. లోపల రెండు సెరామిక్ బిళ్ళలు ఒకదాని మీద ఒకటి జారుతుంటాయి, వాటి ముఖాలు ఎంత నున్నగా ఉంటాయంటే మధ్యలోంచి నీళ్ళు దూరలేవు. ఇవి చాలా ఏళ్ళు వస్తాయి, వీటికి శత్రువు వాడకం కాదు, ఇసుక. పైపుల పని ఏదైనా జరిగాక లైన్‌లో మిగిలిన ఇసుక రేణువొకటి ఆ బిళ్ళల మధ్య ఇరుక్కుని గీత పెట్టిందంటే చుక్క మొదలవుతుంది. అందుకే కొత్త పైపు వేశాక కార్ట్రిడ్జ్ (ఆ బిళ్ళలు లోపల ఉండే ముక్క) బిగించకముందే ఓసారి నీళ్ళు వదిలి లైన్ కడిగేయమని ప్లంబర్‌కి చెప్పండి, చెప్పకపోతే చాలామంది చెయ్యరు. ఈ రకంలో గట్టిగా బిగించడం వల్ల ఏమీ జరగదు, కార్ట్రిడ్జ్ మొత్తంగా తీసి కొత్తది పెట్టుకోవడమే.

ఒకే లీవర్‌తో వేడీ చల్లా రెండూ కలిపే మిక్సర్‌లోనూ ఇదే పద్ధతి, కాస్త పెద్ద కార్ట్రిడ్జ్ ఉంటుంది, ఎక్కువగా 35 లేదా 40 మిల్లీమీటర్లది. లీవర్ బిగుసుకుపోవడం, గోరువెచ్చగా ఆపుదామంటే ఒకేసారి కాలిపోయేంత వేడో గడ్డకట్టే చల్లో రావడం, ఇవి అది ముసలిదవుతోందని చెప్పే గుర్తులు. థర్మోస్టాటిక్ రకంలో లోపల ఒక మైనం గుళిక ఉంటుంది, వేడికి వ్యాకోచించి వేడి నీళ్ళ దారిని తనే తగ్గిస్తుంది, మామూలుగా 38 డిగ్రీల దగ్గర, నాబ్‌ని అంతకు మించి ఊరికే తిరగనివ్వని ఒక ఆపు బటన్ ఉంటుంది. ఆ గుళిక మొద్దుబారినా, దాని చుట్టూ గార పట్టినా టెంపరేచర్ నిలవదు.

మార్చడం భయపడేంత పనేం కాదు. ముందు మెయిన్ వాల్వ్ గానీ, ఆ లైన్‌ని మాత్రమే ఆపే చిన్న యాంగిల్ వాల్వులు గానీ కట్టేసి, నాబ్ తిప్పి మిగిలిన నీళ్ళు వదిలేసి, కింద డ్రెయిన్ జాలీ మీద గుడ్డ కప్పండి (ఆ చిన్న స్క్రూ ఎటు పడుతుందో చెప్పలేం, సాధారణంగా అందులోకే పడుతుంది). నాబ్ మీది ఎర్ర నీలం బిళ్ళని మెల్లిగా లేపితే కింద స్క్రూ కనిపిస్తుంది, లీవర్ రకమైతే పక్కనో కిందనో ఎలెన్ కీ పట్టే చిన్న కన్నం ఉంటుంది. హ్యాండిల్, దాని కింద గుండ్రటి కప్పు, ఆ తర్వాత నట్టు, నట్టు తీస్తే కార్ట్రిడ్జ్ చేతికొచ్చేస్తుంది. పాతది ఏ దిక్కుకి తిరిగి కూర్చుందో తీసేముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. షాపుకి పాత ముక్కనే పట్టుకెళ్ళాలి, పేరు చెప్తే చాలదు, ఎందుకంటే వ్యాసం ఒకటే అయినా పైన స్పిండిల్ పొడవు, దాని పళ్ళ లెక్క, అడుగున పిన్నుల చోటు తేడాగా ఉంటాయి, పావు చుట్టు రకంలో అయితే వేడి వైపుదీ చల్ల వైపుదీ ఎదురెదురు దిక్కుల్లో తిరిగేవి ఉంటాయి. ఓ-రింగులకి సిలికాన్ గ్రీజు రాయండి, పెట్రోలియం జెల్లీ వద్దు, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బిపోతుంది. అంతా బిగించాక వేడి చల్లా తారుమారైతే కొన్ని మోడళ్ళలో కార్ట్రిడ్జ్‌ని 180 డిగ్రీలు తిప్పి పెడితే సరిపోతుంది.

డైవర్టర్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. షవర్ వైపు తిప్పినా కింద ట్యాపులోంచి ధారగా నీళ్ళు పోతున్నాయంటే దాని లోపలి రబ్బరు పోయింది. ఒకటీ అరా చుక్కలైతే నేను పట్టించుకోను.

అసలు భయపడాల్సింది గోడ లోపలి కారుడుకి. టైల్స్ వెనకాల ఏం జరుగుతోందో కనిపించదు, పక్క గదిలో పెయింట్ ఉబ్బినప్పుడో కింది వాళ్ళ సీలింగ్ మీద మరక పడినప్పుడో తెలుస్తుంది. ఇక్కడ కూడా ముందు చెప్పిన లెక్కే. షవర్ వాడని రోజుల్లో కూడా తడి పెరుగుతూనే ఉంటే అది వాల్వ్‌కి ముందు వైపు, అన్ని ట్యాపులూ కట్టేసి మీటర్ ఉంటే దాని ముల్లు చూడండి, కదులుతుంటే ఏదో ఒక చోట ప్రెషర్ లైన్ కారుతోందని అనుమానించాలి, ఆ పని వాయిదా వెయ్యకూడదు. షవర్ వాడాకే తడి వస్తుంటే అనుమానం ఆర్మ్ మీద, అది గోడలో మోచేయి ఫిట్టింగ్‌కి బిగించే మర దగ్గర. హెడ్డు తీసేసి ఆర్మ్ చివర అర అంగుళం మూత బిగించి నీళ్ళు తిప్పితే పైకెళ్ళే పైపూ ఆ జాయింటూ మాత్రమే ప్రెషర్‌లో ఉంటాయి (పైన ఇంకో హ్యాండ్ షవర్ ఉంటే దాన్నీ మూసేయాలి), కాసేపు అలా ఉంచి తడి పెరిగిందంటే అక్కడే. మూత పెట్టినప్పుడు పొడిగా ఉండి, మామూలుగా స్నానం చేశాక తడి వస్తే అప్పుడు టైల్స్ మధ్య సందులనీ డ్రెయిన్‌నీ అనుమానించాలి, పైపులు అమాయకులు.

ఆర్మ్ చవకది కదా అని తేలిగ్గా తీసుకుంటారు కానీ నా లెక్కలో మొదట మార్చాల్సిన జాబితాలో ఉండేది అదే. పైన క్రోమ్ మెరుస్తూనే ఉంటుంది, లోపల మర దగ్గర తుప్పు తినేస్తుంది, ఒకరోజు హెడ్డు విప్పబోతే ఆర్మ్ ముక్క విరిగి గోడలో ఉండిపోతుంది. ఆర్మ్ గోడలోకి వెళ్ళే చోట చుట్టూ ఆకుపచ్చ చిలుమో గోధుమరంగు గీతో కనిపిస్తే అప్పుడే మార్చేయండి. టెఫ్లాన్ టేపు మర చివర మనవైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కులో చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడొచ్చేస్తుంది. హ్యాండ్ షవర్ గొట్టానికి మాత్రం టేపు అక్కర్లేదు, అక్కడ నీళ్ళని ఆపేది లోపలి చిన్న రబ్బరు వాషర్.

ఆ గొట్టం గురించి ఇంకో మాట. చేతి పిడి మీద ఆపే బటన్ ఉన్నవి వస్తున్నాయి, అది నొక్కి మిక్సర్ తెరిచే ఉంచేస్తారు కొందరు. దాంతో కాసేపు పని చేయాల్సిన గొట్టం మీద ఇరవైనాలుగు గంటలూ ప్రెషర్ పడుతుంది, ఎవరూ లేనప్పుడు పగిలిందంటే ఇల్లంతా నీళ్ళే. అంతకంటే తమాషా ఏంటంటే మిక్సర్ లోపల వేడి చల్ల లైన్లు రెండూ కలిసిపోయి, ఎటు ప్రెషర్ ఎక్కువుంటే ఆ వైపు నీళ్ళు రెండో లైన్‌లోకి తోసుకుపోతాయి, ఇంట్లో ఇంకెక్కడో చల్ల ట్యాపు తిప్పితే గోరువెచ్చగా వస్తుంది, జనం గీజర్‌ని తిడతారు. నీళ్ళని వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వులు ఉంటే ఇది జరగదు, లేకపోతే మిక్సర్ దగ్గరే కట్టెయ్యడం ఒక్కటే దారి.

ధార సన్నగా వస్తోందన్న ఫిర్యాదుకి హెడ్డు విప్పి ఉత్త ఆర్మ్‌లోంచి నీళ్ళు వదిలి చూడండి. అలా బాగా వస్తే హెడ్డులోనో దాని మెడలోని జాలీలోనో గార ఉంది, సగం వెనిగర్ సగం నీళ్ళు కలిపి గంట నానబెట్టి రబ్బరు మొనల్ని బొటనవేలితో రుద్దితే చాలు, నలుపూ బంగారు రంగూ పూత ఉన్నవాటిని మాత్రం అందులో ముంచొద్దు. వేడి నీళ్ళు మాత్రమే సన్నగా వస్తుంటే ఆ వైపు యాంగిల్ వాల్వునీ ఫిల్టర్‌నీ చూడాలి. పైన ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళయితే 10 మీటర్ల ఎత్తుకి సుమారు 1 బార్ ప్రెషర్, ట్యాంకు హెడ్డుకి 3 మీటర్లే పైన ఉంటే 0.3 బార్ కూడా కష్టం, అక్కడ పళ్ళెమంత రెయిన్ షవర్ పెట్టుకుని పార్టులు మారుస్తూ కూర్చుంటే ఏం వస్తుంది, ప్రెషర్ పెంచే మోటారు పంపయినా పెట్టించాలి చిన్న హెడ్డయినా పెట్టుకోవాలి.

వాల్వ్ బాడీ మొత్తం మార్చాల్సిన సందర్భాలు నిజానికి తక్కువ. మర అరిగి నట్టు పట్టకపోవడం, ఇత్తడి గులాబీ రంగుకి తిరిగి తెల్లటి పొడి రాలుతుండటం (అంటే అందులోని జింక్ కరిగిపోతోంది, లోపల పెళుసైపోయింది), లేదా ఆ మోడల్ కార్ట్రిడ్జ్ ఎక్కడా దొరక్కపోవడం, ఇంతే. గోడ లోపల దాగి ఉండే కన్సీల్డ్ రకం కొనేముందు దాని కార్ట్రిడ్జ్ విడిగా దొరుకుతుందా అని అడగండి, డిజైన్ తర్వాత చూసుకోవచ్చు. దాన్ని బిగించడానికి ఎలాగూ గోడ పగలగొడతారు కాబట్టి టైల్స్ వేసేముందు ఆ పైపుల పక్కన కొలత టేపు పెట్టి నాలుగు ఫోటోలు తీసి దాచుకోండి, తర్వాత ఎప్పుడైనా అద్దానికో షెల్ఫుకో డ్రిల్లింగ్ చేసేటప్పుడు కూడా పనికొస్తాయి.