గత ఐదేళ్ళ చిరునామా

రాత్రి పదకొండు దాటింది. అత్తయ్యగారి దగ్గు ఈ పూట కాస్త తెరిపి ఇచ్చింది, కోడలు బాబును జోకొడుతూ తానూ నిద్రపోయింది, మావారు ఎప్పటిలాగే తొమ్మిదిన్నరకే దీపం ఆర్పేశారు. నాకు మాత్రం భోజనాల బల్ల మీద, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా ఉప్పు జాడీ కింద పెట్టిన ఒక కాగితం నిద్ర పట్టనివ్వడం లేదు. అది ఒక పెద్ద నిర్మాణ స్థలంలోకి పనివాళ్ళను రానిచ్చే గేటు పాసు కోసం నింపవలసిన దరఖాస్తు. పేరు, తండ్రి పేరు, వయసు, ఆధార్ సంఖ్య వరకు సాఫీగా సాగిన నా కలం తొమ్మిదో గడి దగ్గర ఆగిపోయింది. గత ఐదు సంవత్సరాలలో నివసించిన చిరునామాలన్నీ తేదీలతో సహా రాయమని ఆ గడి అడుగుతున్నది.

ఉదయం ఆ కాగితం పట్టుకుని వచ్చినవాడు, విశాఖపట్నం అడవివరం దగ్గరున్న కేంద్ర కారాగారంలో ఖైదీలకు నేను చెప్పే గురువారం తరగతిలో నాలుగేళ్ళు కూర్చున్నవాడు. ఆ తరగతి గురించీ అడవివరం దారి గురించీ ఇంతకు ముందు చాలాసార్లు రాశాను కనుక మళ్ళీ మొదలుపెట్టను. ఎనిమిదేళ్ళు లోపల ఉండి, ఈ వేసవిలో విడుదలై, ఆరిలోవలో అక్క ఇంట్లో ఉంటున్నాడు. అతను చేసిన నేరం చిన్నది కాదు, ఆ మాట అతను నా దగ్గర ఎన్నడూ దాచలేదు. శిక్ష మాత్రం పూర్తిగా అనుభవించి వచ్చాడు. తెలుగు చక్కగా రాయగలడు కానీ దరఖాస్తు ఇంగ్లీషులో ఉండడం వల్ల నా దగ్గరకు తెచ్చాడు.

"ఏటి రాయమంటారు టీచర్ గారూ?" అని అడిగాడు. "నిజం రాస్తే గేటు కాడే ఆపేస్తారు. అబద్ధం రాస్తే ఎప్పుడో ఒకరోజు తెలుస్తాది, అప్పుడు మా మేస్త్రీ కూడా నన్ను నమ్మడు."

నేను వెంటనే జవాబు చెప్పలేక, కాగితం ఉంచి వెళ్ళమనీ, రేపు ఉదయం ఏడింటికి వచ్చి తీసుకోమనీ అన్నాను.

ఇన్నేళ్ళుగా నేను ఒక విషయాన్ని గట్టిగా నమ్ముతూ వచ్చాను. చేతికి ఒక పని నేర్పి, నాలుగు అక్షరాలు నేర్పితే చాలు, బయటి బతుకు దానంతట అదే దారిన పడుతుందని అనుకున్నాను. ఇతను లోపల వడ్రంగం నేర్చుకున్నాడు. టేకు పలకను చిత్రిక పట్టి, ఉలితో గాడి తీసి, ఒక్క మేకు కూడా కొట్టకుండా రెండు చెక్కలను అతికి, ఆ అతుకు మీద బొటనవేలు గోటితో గీసి చూసుకుంటాడు. గోరు ఎక్కడా తట్టుకోకపోతేనే అతనికి తృప్తి. బయటికి వచ్చి చూస్తే పనంతా ప్లైవుడ్ కోయడం, దాని మీద మైకా అతికించడం. అది నేర్చుకోవడానికి రెండు వారాలు కూడా పట్టలేదట. కష్టమంతా పనిలో కాక, పని అడిగే చోట ఎదురైంది. "ఇంత బాగా చేస్తున్నావు, ఎక్కడ నేర్చుకున్నావు?" అని ఎవరైనా మెచ్చుకుంటూ అడిగినా అతను తల దించుకోవలసి వస్తున్నది, ఎందుకంటే ఆ ప్రశ్నకు ఉన్న నిజమైన జవాబు ఒక్కటే. ఇక చదువైనా శ్రమైనా చేయలేని పనులు వేరే ఉన్నాయి. లోపలికి వెళ్ళక ముందు ఉన్న ఫోను నంబరు వాడకంలో లేక రద్దయి, ఇంకెవరికో వెళ్ళిపోయింది. ఆధార్‌కు జతపడి ఉన్నది ఆ నంబరే కనుక ఓటీపీలన్నీ ఎవరో తెలియని మనిషికి పోతున్నాయి. రెండేళ్ళు లావాదేవీలు లేకపోతే బ్యాంకు ఖాతా స్తంభించిపోతుంది, ఇతని పాత ఖాతా అలాగే అయింది. ఆధార్ కేంద్రానికీ బ్యాంకుకూ తిరగడానికి విడుదలైన మొదటి నెలంతా, అంటే కూలి డబ్బు అత్యవసరమైన నెలంతా, సరిపోయింది.

ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన, నెల్సన్ మండేలా పేరు పెట్టుకున్న నియమావళిని ఒకప్పుడు తరగతి కోసం చదివి, కొన్ని వాక్యాలు నా పుస్తకంలో ఎత్తి రాసుకున్నాను. శిక్ష మొదలైన నాటి నుంచే ఖైదీ విడుదల తర్వాతి భవిష్యత్తు గురించి ఆలోచించాలని 107వ నియమం చెబుతుంది. విడుదలయ్యే మనిషి చేతిలో తగిన గుర్తింపు పత్రాలు, వెళ్ళడానికి ఇల్లు, చేయడానికి పని, ఆ ఋతువుకు తగిన బట్టలు, గమ్యం చేరడానికీ తొలిరోజులు గడవడానికీ సరిపడే డబ్బు ఉండేలా చూడాలని 108వ నియమం చెబుతుంది. ఆ రోజు బట్టల సంగతి చదివి, ఇంత చిన్న విషయం కూడా రాయాలా అనుకున్న మాట గుర్తుంది. ఎందుకు రాశారో తర్వాత తెలిసింది, అది చెబుతాను. కానీ ముందు సాయంత్రం వచ్చిన ఫోను సంగతి రాయకపోతే నా మనసు కుదుటపడేలా లేదు.

ఆరు గంటలకు మా అపార్టుమెంటు సంఘం కార్యదర్శి ఫోను చేశారు. ఉదయం మీ ఇంటికి వచ్చిన మనిషి ఎవరని అడిగారు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడని చెప్పాను. ఏ బడిలో అన్నారు. నేను ఒక క్షణం ఆగాను, ఆయనకు అర్థమైపోయింది, ఎందుకంటే నా గురువారాల సంగతి ఈ మెట్లన్నింటికీ తెలుసు. "మీరు అక్కడికి వెళ్ళి సేవ చేయండి మేడమ్, మాకేమీ అభ్యంతరం లేదు, కానీ వాళ్ళు ఇక్కడికి రావడం వేరు కదా, కింద పిల్లలు ఆడుకుంటూ ఉంటారు" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. శిక్ష పూర్తయిన మనిషికి మళ్ళీ లిఫ్టు దగ్గర శిక్ష వేసే అధికారం మనకు ఎవరిచ్చారని అడిగాను. ఆయన గొంతు పెంచకుండానే, "వాళ్ళ చేతిలో నష్టపోయినవాళ్ళ గురించి కూడా ఎప్పుడైనా తరగతి చెప్పారా?" అని అడిగారు. నేను ఫోను పెట్టేశాను. అలా పెట్టేయడం తప్పు. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోలేదు. ఖైదీల శ్రమకు న్యాయమైన కూలి ఇవ్వాలనీ, అందులో కొంత బాధితుల కోసం కేటాయించేలా చట్టం చేసుకోవాలనీ 1998లో గుజరాత్‌కు సంబంధించిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. బాధితుడి ఋణం తీరాలన్నా నేరం చేసినవాడికి పని ఉండాలన్నది అందులో నాకు అర్థమైన సంగతి. ఆ మాట నెమ్మదిగా చెప్పవలసింది పోయి కోపగించుకున్నాను.

ఆయన చెడ్డవారని అనను. ఏటా ఆషాఢ పౌర్ణమికి సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణను చెప్పుల్లేకుండా పూర్తి చేసే మనిషి, దారిలో అలసిపోయిన ముసలివాళ్ళకు చెయ్యి పట్టుకుని సాయం చేసే మనిషి. ఆ ప్రదక్షిణ దారి అడవివరం దాటాక జైలు పక్కగానే సాగుతుంది. లోపల ఉన్న ఎనిమిదేళ్ళూ ఆ రాత్రి బ్యారక్‌లో ఎవరూ పడుకునేవారు కాదనీ, దూరం నుంచి వినబడే సింహాద్రి అప్పన్న నామాన్ని వింటూ కూర్చునేవారమనీ ఇతనే ఒక గురువారం నాకు చెప్పాడు. ఈ సంగతి కార్యదర్శి గారికి తెలియదు, చెప్పేదాకా నేను ఫోను పట్టుకుని ఉండలేదు.

కోపం చల్లారక కిందికి దిగి, వాచ్‌మన్ దగ్గరున్న రిజిస్టరు తెరిచి చూశాను. ఇతని పేరు, ఎక్కడి నుంచి వచ్చారన్న చోట ఆరిలోవ, వచ్చిన పని అన్న చోట "టీచర్ గారిని కలవడానికి" అని ఉంది. చుట్టూ మిగిలినవాళ్ళు గీసిన గీతల మధ్య ఆ వాక్యం ఒక్కటే కాపీ పుస్తకంలో రాసినట్టుగా ఉంది. ఒత్తులూ పొల్లులూ పెట్టడంలో అతనికి మొదట్లో ఎప్పుడూ తడబాటే ఉండేది, ఇప్పుడు "టీచర్" అన్న మాట మీద పొల్లు కూడా మరిచిపోలేదు. ఆ పేజీని చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

అక్కడే, ఆ రిజిస్టరు ముందే, నేను మరిచిపోవాలని ప్రయత్నించే సాయంత్రం గుర్తుకు వచ్చింది. ఇది ఇంతకు ముందు ఎక్కడా రాయలేదు.

ఆరేళ్ళ కిందటి శ్రావణం. తరగతి ముగించుకుని, పర్మిషన్ కాగితాల పని ఉండి ఆలస్యమై, వానలో ఆటో కోసం గేటు బయట నిలబడ్డాను. చింతపల్లి అవతలి ఊరి కుర్రాడు ఒకడు బయటికి వచ్చాడు. గంజాయి మూట మోసిన కేసులో పద్నాలుగు నెలలు విచారణ ఖైదీగా ఉన్నాడు. బెయిల్ వచ్చిన తర్వాత కూడా పూచీకత్తుకు మనుషులు దొరకక మరో రెండు నెలలు లోపలే గడిపాడు. బెయిల్ సొమ్ము కట్టలేని పేద విచారణ ఖైదీలకు ప్రభుత్వమే సాయం చేసే పథకం 2023లో గానీ రాలేదు, అందులో కూడా గంజాయి లాంటి మత్తుమందుల కేసులను చేర్చలేదు. పట్టుబడిన రోజున వేసుకున్న చొక్కానే ఇప్పుడూ తొడుక్కున్నాడు. ఆ పదహారు నెలల్లో కుర్రాడు ఎదిగాడు కనుక గుండీలు పట్టడం లేదు, తడిసిన గుడ్డ వీపుకు అతుక్కుపోయింది. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి, అందులో నేను ఇచ్చిన ఒకటో తరగతి వాచకం, ఒక దువ్వెన. నా ఫోను అడిగి, తనకు కంఠతా వచ్చిన ఒకే ఒక నంబరుకు చేశాడు. అది అన్నది. ఆ నంబరు ఇప్పుడు వాడుకలో లేదని వినిపించింది.

ఆటోలో ఆర్టీసీ కాంప్లెక్సుకు తీసుకెళ్ళాను. అతని ఊరివైపు వెళ్ళే ఆఖరి బస్సు వెళ్ళిపోయింది, మళ్ళీ తెల్లవారుజామునే. అప్పుడు అతను, నా ముఖం కేసి చూడకుండా, "మీ ఇంటి మెట్ల మీద పడుకుని తెల్లారగానే పోతాను టీచర్ గారూ" అన్నాడు. ఇంట్లో చుట్టాలు ఉన్నారని చెప్పాను. ఆ రోజు మా ఇంట్లో చుట్టాలెవరూ లేరు. ఇడ్లీ పొట్లమూ ఐదు వందల రూపాయలూ చేతిలో పెట్టి, జాగ్రత్తగా ఉండమని చెప్పి వచ్చేశాను. ద్వారం దగ్గర వెనక్కి తిరిగి చూస్తే బల్ల మీద కూర్చుని ఎదుటి బస్సు బోర్డును వేలితో గాలిలో రాస్తూ, కూడబలుక్కుంటూ చదువుతున్నాడు. బయటికి వచ్చాక సెంట్రల్ పార్కు పక్కనుంచి ఇంటికి పోయాను. మా చిన్నతనంలో పాత జైలు గోడ ఉన్న చోటు అది; అమ్మతో రిక్షాలో వెళ్తుంటే ఆ గోడ ఎంతసేపటికీ తరిగేది కాదు. ఆ కుర్రాడు ఊరు చేరాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

అందుకే కార్యదర్శి గారి మీద కోపాన్ని నేను ఎక్కువసేపు నిలుపుకోలేకపోయాను. "అక్కడ సేవ చేయండి, ఇక్కడికి వద్దు" అని ఆయన నోటితో అన్నారు, నేను అదే పనిని చేసి చూపించాను.

ఇంకో సంగతి కూడా ఆ కుర్రాడి వల్లనే తెలిసింది. వడ్రంగం, బేకరీ, నేత అని మనం చెప్పుకునేవన్నీ ఎక్కువగా శిక్ష పడినవాళ్ళకే అందుతాయి, ఎందుకంటే వాళ్ళు ఎంతకాలం ఉంటారో లెక్క తెలుసు. 2022 చివరినాటికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉంటే వారిలో 4,34,302 మంది, అంటే నూటికి 75 మందికి పైగా, విచారణ ఖైదీలే. వాళ్ళు ఎప్పుడు బయటికి వస్తారో వాళ్ళకే తెలియదు. ఒక సాయంత్రం కాగితం వస్తుంది, సంచి సర్దుకోమంటారు. వాళ్ళకు ఆరు నెలల శిక్షణ కన్నా ముందు, చేరిన మొదటి వారంలోనే ఇంటివాళ్ళ నంబర్లు ఒక కాగితం మీద రాయించి, ఆధార్ ఎక్కడుందో కనుక్కుని, విడుదల రాత్రికి తలదాచుకునే చోటు చూసిపెట్టే మనిషి ఒకరు కావాలి. జైళ్ళ సంస్కరణల కోసం వేసిన ముల్లా కమిటీ 1983లో ఇచ్చిన నివేదికలోనే విడుదల తర్వాతి సంరక్షణ గురించి చెప్పింది. నేను మాత్రం ఇన్నాళ్ళూ అక్షరాలు దిద్దిస్తూ కూర్చున్నాను. వచ్చే గురువారం అనుమతి అడిగి, మొదటి అరగంట నంబర్లు కంఠస్థం చేయించడానికి కేటాయిస్తాను.

మళ్ళీ ఆ తొమ్మిదో గడి. మధ్యాహ్నం ఐదేళ్ళకూ ఆరిలోవ అక్క చిరునామానే రాసేద్దామని దాదాపు కలం ఆనించాను. సాయంత్రం ఆ కోపంలో, ఉన్నది ఉన్నట్టు కేంద్ర కారాగారం, అడవివరం అని పెద్ద అక్షరాలతో రాయాలనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ రెండూ నేను తీసుకోవలసిన నిర్ణయాలు కావు. నిజం రాస్తే పోయేది అతని రోజు కూలి, నాకు పోయేదేమీ లేదు. అబద్ధం రాస్తే భయపడుతూ బతకవలసింది కూడా అతనే. మేస్త్రీకి సంగతి తెలుసునా, తెలిస్తే కాంట్రాక్టరుతో ఒక మాట చెప్పగలడా అన్నది ముందు అడగాలి. ఉదయం నేను అది కూడా అడగలేదు.

పన్నెండో గడిలో దరఖాస్తుదారును ఎరిగిన ఇద్దరు స్థానికుల పేర్లూ చిరునామాలూ అడిగారు. మొదటి వరుసలో నా పేరు, ఫ్లాటు నంబరు, ఫోను నంబరు సిరాతో రాసి సంతకం పెట్టాను. ఇందాక మంచినీళ్ళకు లేచిన మావారు కాగితం కేసి చూసి, రెండో పేరు ఎవరిదని అడిగారు. ఇంకా తెలియదన్నాను. కాసేపు నిలబడి, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళారు.

తొమ్మిదో గడిలో జైలు చిరునామా పెన్సిలుతో సన్నగా రాసి, పక్కన రబ్బరు పెట్టాను. అతను ఏడింటికి వస్తాడు.