పావురాలకు ఓనర్ ఎవరు?

నిన్న పక్కింటి వదిన గేటు దగ్గర కనపడి, "ఇప్పుడు నీ పావురాలు రావట్లేదు కదా" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ మంట మీదే ఇది రాస్తున్నాను.

మాది నల్లగొండలో పానగల్ రోడ్డు వైపు 200 గజాల ఇల్లు. పోయిన చలికాలం చిక్కుడు పందిరికి పేనుబంక పట్టింది. వంకాయ కోస్తే పురుగే. పిట్టలు మరిగితే పురుగుల్ని అవే ఏరుకు తింటాయని ఎవరో చెబితే మందు కొట్టడం మానేశాను. పిట్టల్ని రప్పించడానికి నీళ్లు, గింజలు పెడదామనుకున్నాను. నీళ్ల సంగతి ఒక్క రోజులో అయిపోయింది. లోతులేని మట్టి మూకుడు కొని జామచెట్టు నీడలో పెట్టి, పిట్ట నిలబడేందుకు మధ్యలో రాయి వేశాను. రెండు రోజులకోసారి కడిగి నీళ్లు మార్చాలి, లేకపోతే పిట్టల కంటే ముందు దోమలొస్తాయి.

గింజల దగ్గరే బోల్తా పడ్డాను. రోజూ పొద్దున డాబా మీద అరకిలో నూకలు చల్లేదాన్ని. మొదట నాలుగు పావురాలు దిగాయి. నెల తిరిగేసరికి ముప్పై. నాకేమో గొప్పగా ఉండేది, వీడియో తీసి చెల్లెలికి పంపాను కూడా. అవి మా ఇంట్లో తిని పక్కింటి వాటర్ ట్యాంకు మీద కూర్చునేవి. కింద వదిన మిర్చి ఎండబోసుకునేది. మిగతాది చెప్పక్కర్లేదు.

ఒక రాత్రి కాలనీ వాట్సాప్ గ్రూపులో ట్యాంకు మూత ఫోటో పడింది. తెల్లగా, గడ్డకట్టి. కింద ఒకే లైను: "ఈ పావురాలకు ఓనర్ ఎవరు?" పద్నాలుగు మంది నవ్వే బొమ్మలు పెట్టారు. ఆదివారం గుడి దగ్గర మీటింగు. డ్రైనేజీ గురించి మూడేళ్లుగా నోరు విప్పని పెద్దమనుషులు నా నూకల మీద ముప్పావు గంట మాట్లాడారు. ఎలుకలు కూడా నావల్లే వచ్చాయట. అది నిజమే, మిగిలిన గింజలు మెట్ల కింద పోగుపడేవి. మా ఆయన పక్కనే కూర్చొని ఫోను చూసుకుంటున్నాడు. చివరికి ట్యాంకు కడిగించడానికి 800 నేనే కట్టాను.

లేచి వస్తుంటే మాకు పాలు పోసే అవ్వ అంది: "బిడ్డా, పావురాలు పురుగులు తింటయా? నూకలెయ్యవడితివి, నూకలు తినేటియే వచ్చినయి."

అంతే విషయం. పావురం గింజల పిట్ట. పిల్లలకైనా పురుగు పెట్టదు, మొదట్లో తన గొంతు సంచిలో ఊరే పాల లాంటిదే పడుతుంది. పిచ్చుక అట్లా కాదు, తాను గింజ తిన్నా గూట్లో పిల్లలకు పురుగులు మోసుకొస్తుంది. నాకు కావలసిన పిట్టల్లో చాలావాటికి గింజలతో పనే లేదు. వాటికి కావలసింది పొద, పువ్వు, మందు పడని ఆకు. (పిట్టలంటే అంత ఇష్టముంటే చిలకను పంజరంలో పెట్టుకోమని మీటింగులో ఒకాయన సలహా ఇచ్చాడు. మన రామచిలుకను పట్టి పెంచడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని ఆ చదువుకున్న మనిషికి నేను చెప్పాల్సి వచ్చింది. ఆ రోజు నేను గెలిచింది అదొక్కటే.)

నూకలు మానేశాను. పది రోజులు పావురాలు వచ్చి చూసి పోయాయి, తర్వాత రాలేదు. గేటు దగ్గర మందారానికి పిండినల్లి మందు కొట్టడం కూడా ఆపాక దానికి తేనెపిట్ట అలవాటైంది. కరివేపాకు చెట్టుకు కాయలు నల్లబడగానే పికిలిపిట్టలు దిగాయి. పురుగు మొత్తం పోయిందని చెప్పను. వంకాయ లోపల దూరిన పురుగును ఏ పిట్టా తియ్యలేదు, పుచ్చిన కాయ నేనే తెంపి పారెయ్యాలి. ఆకుల మీద పాకే పచ్చపురుగులు మాత్రం బాగా తగ్గాయి.

ఈ నెల వంగచెట్టులో ఒక ఆకు దొన్నెలా ముడుచుకుని కనిపించింది. తెగులేమో అని తెంపబోయాను. అంచుల్లో సన్నటి రంధ్రాలు, వాటిలోంచి దూది పోగులు, సాలెగూడు దారం. దర్జీ పిట్ట కుట్టిన గూడు. లోపల బొటనవేలంత పిల్లలు మూడు. తల్లి నిమిషానికోసారి నోట్లో ఏదో పట్టుకొని వచ్చి పోతోంది. ఆ చెట్టుకు నాలుగు వంకాయలు ముదురుతున్నాయి, ఇంకా కొయ్యలేదు.