గంట కొట్టాక

దగ్గు 2018 జులైలో మొదలైంది. హ్యూస్టన్‌లో వేసవి దగ్గుని ఎవరూ పట్టించుకోరు. బయట ఉక్కపోత, లోపల ఏసీ చలి, రోజుకి పదిసార్లు అటూ ఇటూ తిరిగితే ఎవరి గొంతయినా పాడవుతుంది. ఇంటి దగ్గర క్లినిక్‌కి మూడుసార్లు వెళ్ళాను. మొదటిసారి అలర్జీ అన్నారు. రెండోసారి యాంటీబయాటిక్ ఇచ్చారు. మూడోసారి ఇంకో యాంటీబయాటిక్. ఎక్స్‌రే తీద్దామని వాళ్ళూ అనలేదు, నేనూ అడగలేదు. ఆ మూడు నెలల మీద నాకు ఇప్పటికీ కోపమే. సగం వాళ్ళ మీద, సగం నా మీద.

రాత్రిళ్ళు చెమటలు పట్టేవి. బనీను పిండితే నీళ్ళు కారేంత. పిక్కల్లో ఒకటే దురద, కొబ్బరినూనె రాసుకుని పడుకునేవాణ్ణి. ఏడు కిలోలు తగ్గాను. పేర్‌ల్యాండ్‌లోని మీనాక్షి గుడిలో కనబడ్డవాళ్ళంతా "జిమ్‌కి వెళ్తున్నారా, భలే తగ్గారండీ" అంటుంటే మురిసిపోయాను కూడా. అక్టోబరులో ఒకరోజు గడ్డం గీసుకుంటుంటే ఎడమ భుజం ఎముక పైన, మెడ కింద, ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే మంచిది కాదని అప్పుడు తెలియదు.

స్కాన్, బయాప్సీ, వారం రోజుల నిరీక్షణ. హాడ్జ్‌కిన్ లింఫోమా, లింఫ్ గ్రంథుల క్యాన్సర్. ఛాతీ మధ్యలో పిడికిలికన్నా పెద్ద గడ్డ ఉందట, దగ్గంతా దానిదే. డాక్టరమ్మ కాగితం మీద నాలుగు మందుల పేర్లు రాసింది: ఏడ్రియామైసిన్, బ్లియోమైసిన్, విన్‌బ్లాస్టిన్, డకార్బజిన్. మొదటి అక్షరాలు కలిపి ఏబీవీడీ అంటారు. రెండు వారాలకోసారి, మొత్తం పన్నెండు సార్లు. "నయమయ్యే అవకాశాలు బాగా ఉన్న క్యాన్సర్ ఇది" అంది. నాకు చివరి మాట ఒక్కటే వినబడింది.

తెనాలి నుంచి అమ్మ వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఆమెకి ఆరు నెలలు ఉండటానికి అనుమతిచ్చారు. నా కీమో కూడా ఆరు నెలలే. క్యాలెండర్ పక్కన నిలబడి మా ఆవిడ రెండూ లెక్కపెట్టి, "అత్తయ్యగారు వెళ్ళేలోపు అయిపోతుంది" అంది. ఆ రోజుకి అంతకంటే పెద్ద ఓదార్పు లేదు.

మేముండేది హ్యూస్టన్ పక్కన కేటీలో. పక్కింటి పెద్దాయన హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌గా చేసి రిటైరయ్యాడు. మోకాలి ఆపరేషన్ వల్ల చేతికర్ర. పదకొండేళ్ళు పక్కపక్కనే ఉన్నా మా మాటలు గడ్డి, వాన, చెత్తబండి దాటలేదు. సంగతి తెలిశాక ఒక సాయంత్రం వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. ఆసుపత్రి గోడకి తగిలించిన ఇత్తడి గంట, క్యాన్సర్ వైద్యం పూర్తయినవాళ్ళు కొట్టేది. కొండంత మనిషి ఒకడు దాని తాడు పట్టుకుని ఊడి చేతికొస్తుందేమో అన్నట్టు కొడుతున్నాడు. చుట్టూ జనం చప్పట్లు.

"డేవిడ్ క్వెసెన్‌బెర్రీ. మన హ్యూస్టన్ జట్టు, టెక్సాన్స్ కుర్రాడే. అఫెన్సివ్ లైన్‌మన్," అన్నాడు.

నిజం చెప్పాలంటే అప్పటికి నాకా ఆట అర్థమయ్యేది కాదు. నాలుగు సెకన్లు కుమ్ముకుని నలభై సెకన్లు మాట్లాడుకునే ఆట అనిపించేది. ఆదివారాలు ఆయన సోఫాలో కూలబడటం అలవాటయ్యాక కొంత తలకెక్కింది. ఆయన మొదటి పాఠం, బాల్ చూడొద్దని. "బాల్ అందరూ చూస్తారు. నువ్వు ఆ ఐదుగురిని చూడు." అఫెన్సివ్ లైన్ అంటే ఆ ఐదుగురే: మధ్యలో సెంటర్, అతనికి అటొకడు ఇటొకడు గార్డులు, చివర్లలో ఇద్దరు టాకిల్స్. ఒక్కొక్కడూ 130 కిలోల పైమాటే. వెనకాల క్వార్టర్‌బ్యాక్ బాల్ పట్టుకుని ఎవరికి విసరాలా అని చూసుకునే ఆ రెండున్నర, మూడు సెకన్లు, అవతలివాళ్ళు అతని మీద పడకుండా ఆపాలి. అంతే వాళ్ళ ఉద్యోగం. సెంటర్ బాల్ వెనక్కి అందించడం తప్పిస్తే బాల్ ముట్టుకోరు, పాయింట్లు వాళ్ళ పేరు మీద రావు. మైకులో పేరు వినబడిందంటే సాధారణంగా ఏదో తప్పు చేసి పెనాల్టీ తెచ్చారనే అర్థం.

ఒకసారి డ్రైవ్‌వేలో చేసి చూపించాడు. కర్ర కారుకి ఆనించి, మోకాళ్ళు వంచి, నడుం కిందికి దించి, చేతులు రొమ్ము ముందు పెట్టుకుని, వెనక్కి చిన్న చిన్న అడుగులు. మడమ లేవకూడదు, పాదం పాదం కలవకూడదు. "వీళ్ళు ఆట మొత్తం వెనక్కి నడుస్తూ కొట్లాడతారు," అన్నాడు రొప్పుతూ. డెబ్బై దాటిన మనిషి, ఆపరేషనైన మోకాలు. ఇంట్లోంచి వాళ్ళావిడ కేకేస్తే ఆపాడు.

క్వెసెన్‌బెర్రీని 2013లో శాన్ హోసే స్టేట్ యూనివర్సిటీ నుంచి టెక్సాన్స్ వాళ్ళు డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే చోట, ఆరో రౌండ్లో తీసుకున్నారు. ఆరో రౌండ్ అంటే జట్టులో ఉంటాడో లేదో చెప్పలేని స్థానం. మొదటి ఏడు పాదం విరిగి మైదానంలోకే దిగలేదు. 2014 వేసవి ప్రాక్టీసుల్లో నీరసం, తగ్గని దగ్గు. దగ్గు అనగానే నేను నిటారుగా కూర్చున్నాను. జూన్‌లో తేలింది, టీ లింఫోబ్లాస్టిక్ లింఫోమా అని. నాది కాదు, నాకంటే మొండిది. నాది ఆరు నెలల వైద్యమైతే అతనిది మూడేళ్ళకి దగ్గర. హ్యూస్టన్‌లోనే, ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ ఆసుపత్రిలో. ఆ మూడు సీజన్లూ జట్టు అతన్ని వదిలేయకుండా, ఆటతో సంబంధం లేని జబ్బు అనే జాబితాలో పేరు ఉంచింది. గంట కొట్టింది 2017 ఏప్రిల్‌లో.

అమ్మ మాత్రం మొదటిసారి టీవీలో ఆట చూసి, "ఇదేం పొట్టేళ్ల పందెంరా, తలకాయలతో అలా పొడుచుకుంటున్నారు" అంది. నేను నవ్వుతూ ఇంగ్లీషులో చెప్తే పెద్దాయన నవ్వలేదు. మైక్ వెబ్‌స్టర్ గురించి చెప్పాడు. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ సెంటర్, నాలుగు సూపర్ బౌల్స్, అంటే సీజన్ ఫైనల్స్, గెలిచాడు. చివరి రోజుల్లో మతి స్థిమితం లేక, ఇల్లూ వాకిలీ లేక, 2002లో యాభయ్యో ఏట పోయాడు. ఆయన మెదడుని కోసి చూసి, దెబ్బల వల్ల వచ్చిన జబ్బుని బయటపెట్టింది బెన్నెట్ ఒమాలు అనే నైజీరియా నుంచి వచ్చిన డాక్టర్. ఆట తీరు ఆ తర్వాత కొంత మారిందన్నాడుగానీ, "మీ అమ్మగారు చూసింది నిజమే" అని టీవీ సౌండ్ తగ్గించాడు. అందుకే ఈ ఆటగాళ్ళని దేవుళ్ళని చేసి రాయబుద్ధి కాదు నాకు. క్యాన్సర్ నుంచి లేచిన మనిషి మళ్ళీ తల పెట్టి పొడుచుకోవడానికి ఎందుకు పరిగెత్తాడో నాకు పూర్తిగా ఎప్పటికీ అర్థం కాదు.

కీమో సంగతి. నాలుగింటిలో ఏడ్రియామైసిన్ ఒక్కటే ఎర్రగా ఉంటుంది, రోజా పాల సిరప్ రంగులో. మిగతావి సంచుల్లోంచి వాటంతటవి దిగుతాయి. దీన్ని మాత్రం నర్సు పక్కనే కూర్చుని, పెద్ద సిరంజితో, మందులెక్కించడానికి ఛాతీలో చర్మం కింద పెట్టిన పోర్టులోకి మెల్లగా ఎక్కిస్తుంది. నరం బయటికి చుక్క కారినా కండ కాలిపోతుందట. అందుకే మధ్యమధ్యలో ఆపి, కొంచెం రక్తం వెనక్కి లాగి, సరిగ్గానే వెళ్తోందని చూసుకుని మళ్ళీ నెడుతుంది. ఆ పావుగంటా నోట్లో ఐసు ముక్కలు పెట్టుకోమనేవారు, నోరు పూయకుండా. నర్సు బొటనవేలు ఒక్కో మిల్లీమీటరూ కదలడం చూస్తూ ఐసు చప్పరించేవాణ్ణి. ఇంటికెళ్ళాక మూత్రం ఎర్రగా వచ్చేది. ముందే చెప్పారు, అయినా మొదటిసారి గుండె ఆగినంత పనైంది. ఇప్పటికీ రోజ్ మిల్క్ చూస్తే నా కడుపు తిప్పుతుంది, అదేమిటోగానీ.

మూడోరోజు నుంచి నోట్లో ఇనుము రుచి. అమ్మ పెసరకట్టు, మెత్తటి చారన్నం, ఇడ్లీ మార్చి మార్చి పెట్టేది. పచ్చివి వద్దన్నారని కొత్తిమీర కూడా ఉడకబెట్టేది. గుంటూరు నుంచి తెచ్చిన ఆవకాయ సీసా మూత తియ్యకుండా అలమార పైన పెట్టింది, నా కంటికి కనబడేట్టు. "అయ్యాక తిందువుగానిలేరా." మూడో డోసుకల్లా జుట్టు పోయింది. తొమ్మిదేళ్ళ కూతురు తిరుపతి వెళ్ళొచ్చావా నాన్నా అంది. ఇంట్లో అందరూ నవ్వారు, మా ఆవిడ తప్ప.

నాలుగు డోసులయ్యాక, క్యాన్సర్ ఇంకా ఎక్కడుందో చూపించే పెట్ స్కాన్. శుభ్రంగా ఉంది. ఊపిరితిత్తులకి మంచిది కాదని ఆ తర్వాత నుంచి బ్లియోమైసిన్ ఆపేశారు. స్కాన్ బాగున్నాక ఇంకో ఎనిమిది డోసులు ఎందుకని గొడవపడ్డాను. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది, స్కాన్‌కి కనబడనివి కూడా ఉంటాయని. మిగతా ఎనిమిదీ పెద్దగా చెప్పుకోవడానికి లేవు. ఒకదానిలా ఒకటి, ప్రతిదీ ముందుదానికంటే ఒక రోజు ఎక్కువ మంచంలో.

2019 ఏప్రిల్‌లో గంట కొట్టాను. నేను వెళ్ళింది వేరే ఆసుపత్రే అయినా అక్కడా ఒకటుంది. ఈ ఆనవాయితీ మొదలైంది హ్యూస్టన్‌లోనేనట: 1996లో ఇర్వ్ లె మోయిన్ అనే నేవీ అధికారి, తన వైద్యం అయిపోయిందని నావికుల పద్ధతిలో మోగించడానికి ఎం.డి. ఆండర్సన్‌కి ఓ ఇత్తడి గంట తెచ్చాడు. మూడుసార్లు కొట్టాను. మా ఆవిడ వీడియో తీసింది. అమ్మ గుడిలోలాగా చెప్పులు విప్పి నిలబడింది. ఇంటికొచ్చి ఆవకాయ సీసా తీశారు. రెండు ముద్దలు తిని, నోరు మండిపోయి, పద్నాలుగు గంటలు పడుకున్నాను. వారం తర్వాత అమ్మ విమానం ఎక్కింది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది, ఎవరికీ చెప్పుకోలేనిది. అందరి దృష్టిలోనూ అయిపోయింది. వాట్సాప్‌లో వీడియో చుట్టాలందరికీ చేరి, "కంగ్రాట్స్" అని పూలగుత్తులు వచ్చాయి. నేను మాత్రం మెట్లు ఎక్కితే సగంలో కూర్చునేవాణ్ణి. వేలి చివర్లు మొద్దుబారి చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయేవాణ్ణి. మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ తెలిసిన పదం మర్చిపోయేవాణ్ణి. గొంతులో గరగరమంటే చాలు, బాత్రూంలోకి వెళ్ళి మెడ తడుముకోవడం. కీమో రోజుల్లో రెండు వారాలకోసారి ఎవరో ఒకరు నన్ను చూసుకునేవారు. ఇప్పుడు మూడు నెలల దాకా రావద్దన్నారు. "బాగైపోయావుగా, ఇంకా ఏంటి?" అని ఒక స్నేహితుడు అంటే, సమాధానం లేక నవ్వాను.

జూన్‌లో ఒక రాత్రి నిద్రపట్టక క్వెసెన్‌బెర్రీ వీడియో మళ్ళీ చూశాను. అతను మొదటి మ్యాచ్ ఎప్పుడు ఆడాడో అప్పుడు వెతికాను. 2017 డిసెంబరు 25. గంట ఏప్రిల్‌లో, మ్యాచ్ క్రిస్మస్ నాడు. నా బుర్రలో ఆ రెండూ పక్కపక్కనే ఉండేవి, సినిమాలో కట్ చేసినట్టు గంట మోగగానే మైదానం. మధ్యలో ఎనిమిది నెలలున్నాయి. పోయిన కండ పెంచుకోవడం, జట్టులో చోటు లేక ప్రాక్టీసు బృందంలో ఉంటూ ఆడేవాళ్ళకి ఎదురు నిలబడటం. ఆ ఎనిమిది నెలలకి నాకు ఒక్క వీడియో దొరకలేదు. ఆ క్రిస్మస్ మ్యాచ్ కూడా టెక్సాన్స్ 34-6తో చిత్తుగా ఓడిపోయారు. మరుసటి ఏడు అతన్ని వదిలేశారు కూడా, టెన్నెస్సీ టైటాన్స్ వాళ్ళ ప్రాక్టీసు బృందంలో చేరాడు.

ఎందుకో అది చదివి ఒళ్ళు తేలికపడింది. వేళ్ళు లెక్కపెట్టాను. ఏప్రిల్ నుంచి ఎనిమిది నెలలంటే నాకూ డిసెంబరే. మర్నాటి నుంచి మెట్లు ఎక్కడం ఆపి, కోచ్ చెప్పినట్టు మా వీధి చివరి స్టాప్ బోర్డు దాకా నడిచాను. అంతవరకే. వారం తర్వాత ఆయన "రేపు ఆ నీలం రంగు ఇంటి దాకా" అన్నాడు. ఆయన కర్రతో, నేను నీళ్ళసీసాతో. హ్యూస్టన్ ఎండకి భయపడి పొద్దున్న ఆరింటికే.

సెప్టెంబరు 15, ఆదివారం. ఆయన సోఫాలో టెక్సాన్స్, జాక్సన్‌విల్ మ్యాచ్ చూస్తున్నాం, 13-12తో బతికి బయటపడిన మ్యాచ్. మధ్యలో ఆయన ఫోన్ మోగింది. చూసి, చేతికర్రతో నేలని రెండుసార్లు తాటించాడు. టైటాన్స్, కోల్ట్స్ మీద ఆడుతూ గోల్ గీతకి ఒక్క గజం దూరంలో ఉన్నప్పుడు క్వార్టర్‌బ్యాక్ మారియోటా బాల్ విసిరింది క్వెసెన్‌బెర్రీకి. టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. లైన్‌మన్ బాల్ పట్టుకోవాలంటే ముందుగా రెఫరీ దగ్గరికెళ్ళి చెప్పుకోవాలి, రెఫరీ ఆ నంబరు అందరికీ మైకులో వినిపిస్తాడు. అంటే తప్పు చేయకుండా అతని నంబరు స్టేడియంలో మోగింది. ఆ మ్యాచ్ కూడా వాళ్ళు 19-17తో ఓడారనుకోండి. అతని జట్లు ఓడిపోయిన రోజులే నాకు గుర్తుండటం చిత్రం.

డిసెంబరుకి నేను ఏమీ ఘనకార్యం చేయలేదు. గుండీలు పెట్టుకోగలిగాను, అంతే. అతను 2021లో టైటాన్స్‌కి కుడివైపు టాకిల్‌గా పదిహేడు మ్యాచ్‌లూ మొదటినుంచి ఆడాడు. తర్వాత బఫలో జట్టు, తర్వాత మిన్నెసోటా.

2024 ఏప్రిల్‌లో నాకు ఐదేళ్ళు నిండాయి. డాక్టరమ్మ ఇక ఏడాదికోసారి వస్తే చాలంది. తెనాలికి ఫోన్ చేసి చెప్తే అమ్మ కాసేపు ఏమీ అనలేదు, టీవీలో సీరియల్ ఒకటి వినబడుతోంది. తర్వాత అడిగింది, "ఆ పొట్టేలు అబ్బాయి ఎలా ఉన్నాడ్రా?"

"ఇంకా ఆడుతున్నాడమ్మా. ముప్పై మూడేళ్ళు. ఏదో చలి ఊళ్ళో ఉన్నాడు."

"చలి ఊరా? దగ్గు గానీ రాలేదు కదా?"