బారువ దారిలో సర్దార్ లచ్చన్న

ఆగస్టు 16 రైతుల కోసం, గీత కార్మికుల కోసం పోరాడిన నాయకుడు గౌతు లచ్చన్న గారి జయంతి. ఆ రోజు దండలు, ప్రసంగాలు, ఫొటోలు ఉంటాయి. ఆ హడావుడి అంతా సద్దుమణిగాకే నేను శ్రీకాకుళంలో పలాస బస్సెక్కాను. విగ్రహానికి దండం పెట్టుకుని తిరిగి వచ్చేయాలని కాదు. ఆయన పనిచేసిన ఊళ్ళ మీదుగా, పుట్టిన బారువ దాకా వెళ్ళాలని ఎన్నాళ్ళగానో ఉంది.

నరసన్నపేట, టెక్కలి దాటితే ఇక ఉద్దానం, అంటే ఈ తీరపు తోటల సీమ, గాలి మొదలవుతుంది. కొబ్బరి, జీడిమామిడి, మధ్యలో పనస. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఈ తోటల్ని నేలమట్టం చేసింది. కొత్తగా నాటిన కొబ్బరి ఇప్పుడిప్పుడే పైకి లేస్తోంది.

పలాసని ఆనుకుని ఉన్న కాశీబుగ్గలో లచ్చన్న గారి విగ్రహం ఎక్కడని ఆటో అతన్ని అడిగితే, "బస్టాండు కాడే కదండీ" అన్నాడు. ఆయన ఎవరో తెలుసా అంటే, "పెద్ద నాయకుడు" అని ఊరుకున్నాడు. పేరు ఊరందరికీ తెలుసు, చేసిన పని మాత్రం కొద్దిమందికే తెలుసు. నాకు బాధ కలిగించేది ఇదే. విగ్రహం చుట్టూ ఆటోల హారన్లు, జీడిపప్పు సంచులు మోసే బళ్ళు. కాసేపు అక్కడే నిలబడ్డాను.

ఈ పలాసలోనే 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. జమీందారీ పాలనలో నలిగిపోతున్న రైతులు ఊళ్ళకు ఊళ్ళు కదిలి వచ్చారు. ఆ కదలిక వెనక రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారూ, ఆయన శిష్యుడు లచ్చన్న గారూ ఉన్నారు. దేశం మొత్తానికీ చెందిన సభ ఈ మూల జరగడమంటే చిన్న సంగతి కాదు. పలాస అంటే జీడిపప్పే గుర్తొస్తుంది మనకి. పిల్లలకి ఈ సభ గురించి కూడా చెప్పాలి.

ఆ సభ అయిన కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగాయి. అడవి మీద తమకూ హక్కుందని కట్టెలు తెచ్చుకున్న రైతుల్ని అరెస్టు చేయడానికి పోలీసులు వస్తే, గర్భిణిగా ఉన్న సాసుమాను గున్నమ్మ ఎదురు నిలబడింది. తూటాలకి ఆమె బలైపోయింది, ఆమెతో పాటు ఇంకొందరు కూడా. హరిపురం మీదుగా ఆ ఊరు వెళ్ళి, కాల్పులు జరిగిన నేల మీద నిలబడేసరికి నాకు మాట రాలేదు. పలాస విగ్రహం చూసినవాళ్ళు ఇక్కడికి కూడా రావాలి. గున్నమ్మని చూడకుండా లచ్చన్న గారు అర్థం కారు. నాయకుడు ఊరూరా తిరిగి ధైర్యం నూరిపోస్తే, ఆ ధైర్యానికి ప్రాణమిచ్చింది ఆమె.

మధ్యాహ్నానికి బారువ చేరాను. మహేంద్రతనయ సముద్రంలో కలిసే ఊరు, ఒకప్పటి రేవు. 1909లో లచ్చన్న గారు ఇక్కడే, కల్లుగీత కుటుంబంలో పుట్టారు. అప్పటికి ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. 1930లో గాంధీజీ ఉప్పు సత్యాగ్రహానికి పిలుపిస్తే, ఇరవయ్యొక్కేళ్ళయినా నిండని ఈ కుర్రాడు బారువ సముద్రపు నీళ్ళతో ఉప్పు వండి జైలుకెళ్ళాడు. ఇసకలో నడుస్తుంటే ఆ నీళ్ళు ఏ చోట ముంచి ఉంటారా అని పదేపదే అనిపించింది.

కొబ్బరి బోండాలు అమ్మే పెద్దాయనతో మాట కలిపాను. "మా తాత కల్లు గీసీవోడు బాబూ. ఆ బాబు మంత్రి పదవి ఒదిలేసి మా యెనక నిలబడ్డాడని సచ్చీదాకా చెప్పీవోడు" అన్నాడు. అది నిజం. ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో ఉండి, మద్యనిషేధంతో పొట్ట కొట్టుకుపోతున్న గీత కార్మికుల కోసం లచ్చన్న గారు పదవి వదులుకుని సత్యాగ్రహానికి దిగారు. 1954 నవంబరులో ఆ ప్రభుత్వం పడిపోయింది కూడా మద్యనిషేధం గొడవ మీదే.

1967లో ఇంకో త్యాగం. శ్రీకాకుళం లోక్‌సభ స్థానం, సోంపేట అసెంబ్లీ స్థానం రెండూ గెలిచారు. లోక్‌సభ సీటు వదిలేసి, ఉప ఎన్నికలో తన గురువు రంగా గారిని నిలబెట్టి గెలిపించారు. ఢిల్లీ వెళ్ళే అవకాశం చేతిలో ఉండగా వేరొకరికి ఇచ్చేసిన మనిషి! ఇలాంటి సంగతులు ప్రతి విగ్రహం దిమ్మె మీదా పెద్ద అక్షరాలతో చెక్కించాలని నా కోరిక. పుట్టిన తేదీ, పోయిన తేదీ (2006 ఏప్రిల్ 19) చాలవు.

కోటిలింగేశ్వరుడి దర్శనం చేసుకుని, సోంపేట మీదుగా కంచిలి వచ్చి రైలెక్కాను. మీరు వెళ్తే పొద్దున్నే బయల్దేరండి, రాజమణిపురానికి ఆటో ముందే మాట్లాడుకోండి. నేను ఇంకా చూడాల్సింది తోటపల్లి. నాగావళి మీద 2015లో ప్రారంభమైన ఆ బ్యారేజీకి పెట్టింది సర్దార్ గౌతు లచ్చన్న పేరే. పార్వతీపురం దాకా రైలుంది. నది నిండుగా ఉన్నప్పుడే, ఈ వానాకాలం అయ్యేలోపు వెళ్ళాలి.