గ్రౌండ్ ఫ్లోరా, ఫస్ట్ ఫ్లోరా?

విజయవాడని ముంచిన బుడమేరు వాగు వరద గురించి ఎవరిని కదిలించినా నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి, పడవ ఎన్నో రోజుకి వచ్చింది, డ్రోన్ తెచ్చిన అన్నం పొట్లం ఎవరి డాబా మీద పడింది, ఇవే చెబుతారు. నాకు మాత్రం నీళ్లు తీసేశాక జరిగిందే ఎక్కువ గుర్తు. 2024 సెప్టెంబరు చివర్లో మా సింగ్ నగర్ వైపు ఎవరు ఎవరికి ఎదురుపడినా "బాగున్నారా" అనడం మానేసి "మీకు పడ్డాయా?" అని అడిగేవాళ్లు. ఏం పడ్డాయని ఎవరూ అడగక్కర్లేదు, ఖాతాలో వరద సాయం డబ్బులే.

తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. ఆగస్టు 31న కుండపోత. వెలగలేరు రెగ్యులేటర్ నుంచి కృష్ణలోకి నీళ్లు తీసుకెళ్లాల్సిన డైవర్షన్ కాలువకి కొండపల్లి దగ్గర శాంతినగర్, కవులూరు వైపు గండ్లు పడ్డాయి. అదే సమయానికి కృష్ణ కూడా నిండుగా ఉంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, రికార్డు. ఇంక బుడమేరు నీళ్లు ఎక్కడికి పోతాయి? సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, కండ్రిక, జక్కంపూడి, అన్నీ చెరువులే. ఆర్మీ వాళ్లు కూడా వచ్చి చెయ్యి వేస్తే మూడో గండి పూడేసరికి సెప్టెంబరు 7. ఎవరి తప్పు, కాలువ ఎవరు ఆక్రమించారు అన్న గొడవ ఇక్కడ మొదలుపెడితే తెల్లారిపోతుంది, వదిలేద్దాం.

సాయం సంగతికొస్తే, ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి. సెప్టెంబరు 17న ప్యాకేజీ ప్రకటించారు, 25న డబ్బులు వేయడం మొదలుపెట్టారు. ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం వేసి కూర్చోవడం వల్ల కావచ్చు, పనులు కదిలాయి. విజయవాడలో మునిగిన ఇల్లు గ్రౌండ్ ఫ్లోర్ అయితే రూ.25,000, ఆ పైన అంతస్తులకు రూ.10,000. చిన్న కిరాణా కొట్టుకి రూ.25,000, తోపుడు బండి పోయినవాళ్లకు రూ.20,000, బైకుకి రూ.3,000, ఆటోకి రూ.10,000. మొత్తం నాలుగు లక్షల మందికి రూ.602 కోట్లు అన్నారు. అంతకు ముందే 25 కిలోల బియ్యం, కందిపప్పు, నూనె, ఉల్లిపాయలు, ఆలుగడ్డలు, పంచదార ఇచ్చారు. ఇళ్లల్లో బురద కడగడానికి ఫైరింజన్లు పంపారు. అది నిజంగా గొప్ప పని. మోకాలి ఎత్తు బురద చీపురుకి లొంగదు, వాసన అయితే ఎన్ని బకెట్లు పోసినా పోదు.

ఈ రూ.25,000 ఎంత పెద్ద మాటో తెలియాలంటే కేంద్రం లెక్క ఒకటి చూడాలి. విపత్తు నిధి, అదే ఎస్‌డీఆర్‌ఎఫ్, అందులో మన రాష్ట్రాలకు కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రానిది 25. అందులోంచి దేనికి ఎంత ఇవ్వాలో ఒక పట్టిక ఉంటుంది. అప్పటి పట్టికలో ఇల్లు మునిగి సామాను పోతే బట్టలకి కుటుంబానికి రూ.2,500, గిన్నెలు, సామాన్లకి ఇంకో రూ.2,500. అంతే. పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే రూ.6,500. మనిషి పోతే రూ.4 లక్షలు. రూ.5,000తో ఒక ఇంటి వంటగది మళ్లీ నిలబడుతుందని ఏ మహానుభావుడు లెక్క కట్టాడో కానీ, ఆయన ఈ మధ్య ప్రెషర్ కుక్కర్ కొన్నట్టు లేడు. ఆ పట్టిక దాటి ఇవ్వాలంటే రాష్ట్రం తన జేబులోంచి, విరాళాల్లోంచి వేసుకోవాలి, మన దగ్గర అదే చేశారు. అదే వరదకి మున్నేరు పొంగి మునిగిన ఖమ్మం వాళ్లకి తెలంగాణలో ముందు రూ.10,000 అన్నారు, తర్వాత రూ.16,500 చేశారు. ఒకే వాన, ఒకే వారం, మధ్యలో రాష్ట్రం సరిహద్దు ఉందంతే. ఎంత ఇవ్వాలన్నది చివరికి ఆ రోజు ఆ కుర్చీలో ఉన్నవాళ్ల చేతి పెద్దతనం మీద ఆధారపడుతోంది.

కాబట్టి నా బాధ ఇచ్చిన మొత్తం గురించి కాదు. ఆ మొత్తం మనిషి దాకా వచ్చే దారి గురించి.

మా పిన్ని వాళ్లది సింగ్ నగర్‌లో గ్రౌండ్ ఫ్లోర్, సొంతిల్లే. ముందు గది బాబాయి టైలరింగ్ షాపు, వెనక రెండు గదులు కాపురం. సర్వేకి వచ్చిన అమ్మాయి ఫోన్లో యాప్ తెరిచి, గోడ మీద నీళ్ల చార ఎక్కడిదాకా ఉందో ఫొటో తీసుకుని, ఆధార్ అడిగి, "గ్రౌండ్ ఫ్లోరా, ఫస్ట్ ఫ్లోరా?" అంది. గ్రౌండ్. బాగానే ఉంది. బాబాయి రెండు కుట్టు మిషన్లు, ఓవర్‌లాక్ మిషను, దసరాకి ముందు ఒప్పుకున్న జాకెట్ పీసుల మూట చూపించాడు. ఆ మూట విప్పితే ఒకదాని రంగు ఇంకోదానికి ఎక్కి, ఏది ఎవరిదో కుట్టడానికి ఇచ్చినవాళ్లు కూడా గుర్తుపట్టలేరు. షాపుకి లైసెన్సు ఉందా, రిజిస్ట్రేషన్ ఉందా, వేరే డోరు నంబరు ఉందా అని అడిగింది. ఏదీ లేదు. ఇల్లు ఒక్కటే రాసుకుంది. షాపు రాయలేదు. తప్పు ఆ అమ్మాయిది కాదు, ఆమె ముందున్న గడిలో ఒక తలుపుకి ఒక ఇల్లే పడుతుంది.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలిగా అని బాబాయి విసుక్కున్నాడు. ఆ సామెత సర్వేకి వచ్చినవాళ్ల మీద వేయడం నాకు నచ్చలేదు. పొద్దున ఏడింటికి వచ్చి, బురదలో చెప్పులు చేత పట్టుకుని, ప్రతి గుమ్మం దగ్గరా తిట్లు తిని, రాత్రి పదింటికి వెళ్లేవాళ్లు. మధ్యాహ్నం పిన్ని ఇచ్చిన మజ్జిగ కూడా ఆ అమ్మాయి నిలబడే తాగింది పాపం. వరం ఇచ్చేటప్పుడే ఎవరెవరికో సరిగ్గా రాసి ఇవ్వాల్సింది.

అద్దెవాళ్ల కథ ఇంకో రకం. నాలాంటి అద్దె మనుషులకి రైస్ కార్డు ఒక ఊళ్లో, ఆధార్ అడ్రసు ఇంకో ఊళ్లో, బతుకు మాత్రం ఇక్కడ. మునిగిన మంచం, ఫ్రిజ్, టీవీ, పిల్లల పుస్తకాలు అద్దెవాళ్లవి. గోడలు, కరెంటు మీటరు ఓనరువి. మా సందులోనే ఓనరు ఒకాయన, ఉండేది వేరే పేటలో, సర్వే వాళ్లు వచ్చిన రోజు మాత్రం ఆటో కట్టించుకుని వచ్చి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అద్దెకుండే ఆవిడ "అంకుల్, సామాను మాది కదండీ" అంటే "ఇల్లు నాది కదమ్మా" అన్నాడు. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దరికీ పోయింది, వేర్వేరు వస్తువులు. కానీ జాబితాలో పేరు ఒకరిదే. చివరికి ఎలా పంచుకున్నారో నాకు తెలుసు, రాయడం బాగోదు.

ఇంకొందరు పిల్లల్ని తీసుకుని ఊళ్లకి పోయారు. తాగడానికి నీళ్లు లేవు, కరెంటు లేదు, ఇంట్లో ముసలాళ్లు, పోరా మరి? సర్వే వచ్చినప్పుడు ఇంటికి తాళం. వాళ్ల పేరు ఎదురుగా "డోర్ లాక్" అని పడింది. ఎక్కువ మునిగినవాళ్లే ఊరొదిలి పోతారు, వాళ్లే జాబితాలోంచి జారిపోయారు. తర్వాత మళ్లీ అవకాశం ఇచ్చారు, నిజమే, కానీ దానికి వార్డు సచివాలయం దగ్గర క్యూ, కలెక్టరేట్‌లో అర్జీ, మళ్లీ సచివాలయం. కూలి మానుకుని తిరగాలి.

జాబితాలో పేరు ఉండి, డబ్బులు "వేశాం" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చి, అయినా పడనివాళ్లు ఇంకో గుంపు. కారణం బ్యాంకు. ఆధార్‌కి ఏ ఖాతా లింకయి ఉంటే ప్రభుత్వం డబ్బు ఆ ఖాతాకే పోతుంది. ఆ లింకు ఎప్పుడో పాత జన్‌ధన్ ఖాతాకి ఉంటుంది, అది వాడక ఇన్‌యాక్టివ్ అయిపోయి ఉంటుంది, కేవైసీ అడుగుతుంది. కేవైసీకి ఆధార్ ఒరిజినల్ కావాలంటారు. ఒరిజినల్ బుడమేరులో పోయింది. ఈ మాట నవ్వుతూ చెప్పింది మా వీధి చివర ఇడ్లీ బండి ఆవిడ, నవ్వక ఏం చేస్తుంది.

అయితే చేతికి నోట్లు ఇచ్చేస్తే సరి అనేవాళ్లకి 2020 హైదరాబాదు గుర్తు చేస్తాను. అక్టోబరు 13, 14 వానలకి కాలనీలకి కాలనీలు మునిగాయి. ఇంటికి రూ.10,000 అని రూ.550 కోట్లు విడుదల చేశారు, సిబ్బంది ఇంటింటికీ వెళ్లి నోట్లు పంచారు. జాబితా అంటూ గట్టిగా ఏదీ లేదు. ఫలానా గల్లీలో ఇచ్చారు, ఫలానా గల్లీలో నాయకుడి మనుషులకే ఇచ్చారు, సగం ఇచ్చి సంతకం పూర్తిగా పెట్టించుకున్నారు అని ఆరోపణలు. తర్వాత మీసేవలో అప్లై చేసుకోమన్నారు, సెంటర్ల ముందు కిలోమీటర్ల క్యూలు. ఈలోగా జీహెచ్ఎంసీ ఎన్నికల కోడ్ వచ్చింది, నవంబరు 18న ఎన్నికల సంఘం పంపిణీ ఆపేసింది. క్యూలో నిలబడ్డవాళ్లు నిలబడ్డట్టే ఇంటికి. దాంతో పోలిస్తే బెజవాడలో ఖాతాల్లో వేయడం వెయ్యి రెట్లు నయం, మధ్యలో ఎవడూ చెయ్యి పెట్టలేదు. సచివాలయం గోడకి జాబితా అంటించడం కూడా మంచి పని, పక్కింటాయన పేరు కనబడి మన పేరు కనబడకపోతే అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

ఊళ్లల్లోనూ ఇదే తంతు. అక్కడ అద్దెవాళ్లకి బదులు కౌలు రైతు ఉంటాడు. ఈ వరదకి వరికి హెక్టారుకి రూ.25,000 ఇస్తామన్నారు, కేంద్రం అప్పటి పట్టికలో నీటి వసతి ఉన్న పొలానికి రూ.17,000, అదీ రెండు హెక్టార్ల వరకే, పంట మూడో వంతు పైగా పోతేనే. అది ఎవరికి? ఈ-క్రాప్‌లో, అంటే ప్రభుత్వం రాసుకునే పంటల నమోదులో, ఎవరి పేరుంటే వాళ్లకి. కౌలు కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి, 2019 చట్టంలోనే అలా రాశారు. సంతకం పెడితే భూమి ఎక్కడ పోతుందో అని ఆయన భయం. పెట్టుబడి పెట్టినవాడు గట్టు మీద నిలబడి చూస్తుంటే పరిహారం వేరే ఊళ్లో, ఒక్కోసారి వేరే దేశంలో ఉన్న ఖాతాదారుకి పోతుంది. వెనక్కి ఇచ్చే మంచివాళ్లు లేరని కాదు. ఇవ్వకపోతే అడిగే హక్కు కౌలు రైతుకి లేదు, నా గొడవ అదీ.

నాకు అర్థం కానిదల్లా ఒకటే. సింగ్ నగర్ మునుగుతుందని కొత్తగా తెలిసిందా? బుడమేరుని బెజవాడ దుఃఖదాయిని అని ఎప్పటినుంచో అంటున్నారు. ఏ వీధిలో ఏ ఇంట్లో ఎవరు అద్దెకున్నారు, ముందు గదిలో ఎవరు మిషన్ కుడుతున్నారు, ఎవరి ఖాతా పనిచేస్తోంది, ఇవన్నీ ఎండాకాలంలో తాపీగా రాసి పెట్టుకోవచ్చు కదా. సచివాలయం ఉంది, సిబ్బంది ఉన్నారు, ప్రతి పథకానికీ మన వేలిముద్రలు తీసుకుంటూనే ఉన్నారు. ఇల్లు, సామాను, పని, ఈ మూడూ మూడు గడులుగా పెడితే మా సందులో కుర్చీ గొడవ ఉండేది కాదు, బాబాయి మిషన్లు ఎక్కడో ఒకచోట నమోదయ్యేవి. నీళ్లు వచ్చాక పదిరోజుల్లో లక్షల ఇళ్ల జాబితా రాయమంటే ఎంత నిజాయితీపరుడైనా తప్పులు రాస్తాడు.

వాళ్లు చేసేదాకా మనం చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి, పల్లపు ప్రాంతాల్లో ఉన్నవాళ్లు ఈ వానలు మొదలయ్యేలోపు చూసుకోండి. మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, మీ ఆధార్‌కి ఏ బ్యాంకు లింకయిందో, యాక్టివా కాదా చూపిస్తుంది, ముసలివాళ్లవి మీరే చూసి పెట్టండి. ఇంట్లోనే షాపు నడిపేవాళ్లు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అదే చిన్న వ్యాపారాలకి కేంద్రం ఇచ్చే నమోదు, చేసుకోండి, డబ్బులేం అడగరు. అద్దెవాళ్లు ఉత్తి కాగితం మీదైనా అగ్రిమెంటు రాయించుకోండి, గ్యాస్ బుక్ అడ్రసు మార్చుకోండి. సామాను ఫొటోలు తీసి ఫోన్లో కాకుండా మెయిల్‌లో పెట్టుకోండి. బండి మునిగితే ఎండబెట్టి ఒక్కసారి కిక్ కొట్టి చూద్దాం అనుకోవద్దు. నీళ్లు ఇంజన్లో ఉండగా స్టార్ట్ చేస్తే ఇన్సూరెన్స్ వాళ్లు ఇంజన్ క్లెయిమ్ కాదంటారు. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే అసలు వరదకి రూపాయి రాదు.

బాబాయి ఇప్పుడు రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు, ఆ సర్టిఫికెట్ లామినేషన్ చేయించి మిషన్ పైన తగిలించాడు. మిషన్ మాత్రం సెకండ్ హ్యాండ్‌ది, మోటారు ఇంకా వాయిదాల్లోనే ఉంది.