మామ వచ్చేదాకా

మా మామ్మ ట్రంకు పెట్టెలో పట్టుచీరల అడుగున శుభలేఖల కట్ట ఒకటి ఉండేది. ఎవరింటి పెళ్లిదైనా సరే, భోజనాలు అయిపోయాక ఆ కార్డు ఆవిడకే చేరాలి. లోపలి అచ్చుతో ఆవిడకు పని లేదు. వెనకవైపు తెల్లగా, నున్నగా, కాస్త దళసరిగా ఉంటుంది కదా, అది కావాలి. ఆశ్వయుజం రాగానే కట్ట విప్పి, హార్లిక్స్ సీసా మూత బోర్లించి, పెన్సిలుతో చుట్టూ గీసి, మా చేత చందమామలు కత్తిరించేది. కార్డు మూలకు పెట్టిన పసుపు ఒక్కోసారి ఆ గుండ్రంలోకి వచ్చేది. అలాంటిది దొరికిన పిల్లదే ఆ రోజు గొప్ప. కొండ మీదికి అప్పుడే వస్తున్న చంద్రుడికి కింద అంచున ఉండే పచ్చదనం అచ్చం అలాగే ఉంటుంది మరి.

ఈ పనికి ఆవిడ లెక్కలో ఒక శ్లోకం కూడా ఉంది. నవగ్రహ స్తోత్రంలో సూర్యుడి తర్వాత వచ్చే రెండోది.

దధిశంఖతుషారాభం క్షీరోదార్ణవసంభవమ్ ।
నమామి శశినం సోమం శంభోర్ముకుటభూషణమ్ ॥

పెరుగులా, శంఖంలా, మంచులా తెల్లనివాడు. పాలసముద్రంలో పుట్టినవాడు. కుందేలు గుర్తు ఉన్నవాడు. శివుడి కిరీటానికి నగ అయినవాడు. అలాంటి సోముడికి నమస్కారం అని అర్థం. మాకు ఆ మూడు తెలుపుల్లో రెండే తెలుసు. పెరుగు వంటింట్లో ఉండేది. శంఖం గోడ అవతల ఒడియా మావుసి (పక్కింటావిడ, పిన్ని వరసలో అలా పిలిచేవాళ్లం) దేవుడి గదిలో ఉండేది. మంచు మాత్రం మాలో ఎవరూ చూసింది లేదు. అందుకని మామ్మ కాగితాన్ని పెరుగు గిన్నె పక్కన పెట్టి చూసేది. ఎవరైనా నోటుబుక్కు కాగితం చింపి తెస్తే, "గీతల చంద్రుడేటే గుంటా?" అని తిప్పి కొట్టేది.

నాకు ఆ శ్లోకంలో ఎక్కువ ఇష్టమైన మాట క్షీరోదార్ణవసంభవం. మనం చంద్రుణ్ణి మామ అని ఎందుకంటామో అందులోనే ఉంది. పాలసముద్రం చిలికినప్పుడు లక్ష్మీదేవీ పుట్టింది, చంద్రుడూ పుట్టాడు. లక్ష్మి మనందరికీ అమ్మ అయితే, అమ్మ తోబుట్టువు మేనమామ కాక ఏమవుతాడు? మావుసి వాళ్లు కూడా 'జహ్న మామూ' అనే పిలిచేవాళ్లు. జహ్న అంటే చంద్రుడు, మామూ అంటే మనం అనుకున్నదే. భాష మారినా వరస మారలేదు.

మాది పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు ఊరు అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు ఉండిపోయింది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో ఏది ముందు నోటికొస్తే అది. ఊరి పక్కన మహేంద్రతనయ పారుతుంది. ఈశాన్యంగా 1501 మీటర్ల మహేంద్రగిరి. చంద్రుడు వచ్చేదీ ఆ కొండల వైపునుంచే. అందువల్ల "చందమామ రావే, జాబిల్లి రావే, కొండెక్కి రావే, గోగుపూలు తేవే" అని పాడితే మాకు అది కల్పన అనిపించేది కాదు. నిజంగానే కొండెక్కి వచ్చేవాడు. గోగుపూలే ఎప్పుడూ తేలేదు.

కాస్త ఆగి చూస్తే ఆ పాట ఒక ఆవాహనం. పూజలో ధ్యానం కాగానే ఆవాహయామి అంటాం, రమ్మని పిలుస్తాం. తర్వాత ఆసనం వేస్తాం, కాళ్లకు నీళ్లిస్తాం, చివర్లో నైవేద్యం పెడతాం. పిల్లల పాటలో పిలుపు ఉంది కానీ నైవేద్యం తిరగబడింది. రమ్మని, వస్తూ వస్తూ ఏదైనా పట్టుకు రమ్మని అడుగుతున్నాం. దేవుడితో అలా మాట్లాడాలంటే జంకుతాం. మేనమామతో అయితే మాట్లాడతాం, చేతులూపుకుంటూ వస్తే ఊరుకోం. అన్నమయ్య (1408–1503) కూడా ఈ పిలుపుతోనే ఒక కీర్తన కట్టి, బంగారు గిన్నెలో వెన్నా పాలూ తెమ్మన్నాడు. అయితే అవి తన కోసం కాదు, తన స్వామి కోసం. పిల్లవాడికి అన్నం తినిపించే పాట, వేంకటేశ్వరుడికి తినిపించే పాట ఒకటే అయిపోయాయి అక్కడ.

సరిహద్దు ఊళ్లో ఆశ్వయుజంలో మామ రెండుసార్లు పండక్కి వస్తాడు. పౌర్ణమినాడు ఒడియా వాళ్ల కుమార పూర్ణిమ. పెళ్లికాని ఆడపిల్లలు కొత్తబట్టలు కట్టుకుని, తెల్లవారుజామున దోసిట్లో పేలాలు పట్టి సూర్యుడికి అర్పిస్తారు. సాయంత్రం చంద్రుడికి పూజ. కుమారస్వామి లాంటి మొగుడు రావాలని కోరిక. పేలాలు, కొబ్బరి కోరు, బెల్లం, అరటిపండు, ఛెన (పాలు విరగ్గొట్టి తీసిన ముద్ద) కలిపి మెదిపి, అర్ధచంద్రాకారంగా చేసి పెడతారు. దాన్ని చాంద చకటా అంటారు. లక్ష్మీదేవి పుట్టినరోజు కూడా ఆనాడే అని వాళ్ల నమ్మకం. తోబుట్టువులిద్దరికీ ఒకటే పండగన్నమాట. అక్కడికి మూడో రోజు, బహుళ తదియనాడు, మన అట్లతద్ది. తెల్లారకముందే పెరుగన్నం తినేసి, ఊయలలూగి, పగలంతా ఉపవాసముండి, చంద్రుణ్ణి చూశాక గౌరమ్మకు పూజ, పదకొండు అట్లు వాయనం. మావుసి కూతుళ్లు మా ఊయల ఎక్కేవాళ్లు, మేము వాళ్లతో పుచి ఆడి, గొంతుక్కూర్చుని గెంతి గెంతి మర్నాడు కాళ్లు పట్టేసి మూలిగేవాళ్లం. ఇంకో తమాషా. ఒడియా వాళ్లకు కుమార పూర్ణిమ మర్నాటినుంచే కార్తికం. మనకు దీపావళి అమావాస్య దాటాలి. ఆ పదిహేను రోజులూ గోడకు ఇవతల ఆశ్వయుజం, అవతల కార్తికం.

రెండు పండగలకు రెండు చంద్రుళ్లు కావాలి కదా. పౌర్ణమి చంద్రుడితో ఇబ్బంది లేదు, మూత గీసినంత గుండ్రం. తదియ చంద్రుడి దగ్గరే గొడవ. మేము ఏం చేసేవాళ్లమంటే, మూతను కాస్త పక్కకు జరిపి మళ్లీ గీసి, ఆ గీత వెంట కత్తిరించేసేవాళ్లం. విదియ నెలవంకకు ఆ ఉపాయం పనికొస్తుంది, సన్నటి కొడవలి వస్తుంది. తదియ చంద్రుడికి మాత్రం లోపలికి కొరికినట్టు ఒక గుంట వచ్చేది. మామ్మ దాన్ని దీపం దగ్గర పెట్టి చూసి, "ఇది తదియ చంద్రుడు కాదే, గ్రహణం చంద్రుడు. రాహువు కొరికాడు" అనేది. ఆవిడ మాట నూటికి నూరుపాళ్లు నిజమని చాలా ఏళ్లకు తెలిసింది. గ్రహణంలో భూమి నీడ గుండ్రంగా పడుతుంది కనుక కొరికినట్టు ఉంటుంది. తిథులకు తరిగే చంద్రుడు అలా ఉండడు. అష్టమినాడు తిన్నగా కోసినట్టుంటాడు. అష్టమికి ముందూ వెనకా సగం కంటే ఎక్కువ ఉన్నన్నాళ్లూ, తరిగిన అంచు కూడా బయటికే ఉబ్బి ఉంటుంది. తదియకు తరిగేది పదో వంతు కూడా ఉండదు. అదీ ఏ పక్క? మేము అలవాటుగా కుడిపక్క కోసేవాళ్లం. కొండ మీదికి వస్తున్నప్పుడు చూడండి, తరిగింది నెత్తి మీద. అప్పటికి సూర్యుడు అస్తమించి కింద ఉంటాడు, వెలుగు కిందనుంచి పడుతుంది మరి. మామ్మకు ఈ లెక్కలేవీ తెలియవు. అరవై అట్లతద్దులు కొండకేసి చూసిన మనిషి. కత్తెర తీసుకుని, నెత్తి మీద గోరంత వెడల్పున, అట్టు అంచు తీసినట్టు, ఒక్క ఊపులో తీసేసేది.

అట్టంటే గుర్తొచ్చింది. బియ్యం చంద్రుడి ధాన్యం, మినుములు రాహువు ధాన్యం అంటారు. అట్ల పిండిలో రెండూ కలిపే రుబ్బుతాం. కాగితంలో రాహువును ఒప్పుకోని మామ్మ రోట్లో మాత్రం ఇద్దర్నీ కలిపేసేది.

ఆ కాగితం చంద్రుణ్ణి తులసికోట ఎదురుగా, తూర్పు వసారా దూలానికి దారంతో కట్టేవాళ్లం. కుందేలు బొమ్మ గోధుమరంగు కాగితంతో అతికించి, మైదా ఉడికించిన జిగురు ఆరేదాకా వీసనకర్రతో విసిరేవాళ్లం. ఒక ఏడు అట్లతద్దినాడు మబ్బు పట్టింది. తదియనాడు చీకటి పడ్డాక దాదాపు రెండు గంటలు ఆగితేనే చంద్రుడు. ఆ రోజు రెండు కాదు, మూడూ దాటాయి, కొండే కనపడలేదు. మా చిన్నత్తకు అప్పటికి పెళ్లి కాలేదు. ఆకలికి నీరసపడి, దూలం కేసి చూపించి, "అమ్మా, చంద్రుడు ఇక్కడే ఉన్నాడు కదే, ఈయన్నే చూసి తినేస్తాను" అంది. అందరం నవ్వాం. మామ్మ నవ్వలేదు.

"కాగితం చంద్రుణ్ణి చూసి తింటే కాగితం మొగుడే వస్తాడు. వానొస్తే నానిపోతాడు, చూసుకో!"

అట్లతద్ది కథ తెలిసినవాళ్లకు ఆవిడ కోపం అర్థమవుతుంది. రాజుగారి కూతురు ఉపవాసంతో సొమ్మసిల్లితే, అన్నలు చూడలేక, చెట్టుకు అద్దం కట్టి, దూరంగా మంట వేసి, అద్దంలో ఆ వెలుగు చూపించి అదిగో చంద్రుడు వచ్చాడన్నారు. ఆ పిల్ల నమ్మి తిన్నది. వ్రతం చెడింది, ముసలి మొగుడు దక్కాడు. నాకెప్పుడూ ఆ అన్నల మీద జాలే. ప్రేమకొద్దీ చేశారు.

మరి మనకు ఇంకో అద్దం కథ కూడా ఉంది కదా. చంద్రుడు కావాలని పసి రాముడు ఏడిస్తే అద్దంలో చూపించి ఊరుకోబెట్టారని. అద్దం ఎవరు తెచ్చారన్నది చెప్పేవాళ్లను బట్టి మారుతుంది. వాల్మీకంలో ఇది కనిపించదు, అయినా ఈ కథ వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు తక్కువ. ఒక అద్దం రాముణ్ణి రామచంద్రుణ్ణి చేసింది. ఇంకో అద్దం ఒక ఆడపిల్ల నోము చెరిపింది. చాలాకాలం ఈ రెండూ నాకు పొసగలేదు. అద్దంలో తేడా ఏముంది? మా కాగితం చంద్రుడు ఈ రెంటిలో ఏ అద్దం?

తేడా అద్దంలో లేదు, అందులో ఉన్నదాంట్లో ఉంది. రాముడి అద్దంలో ఉన్నది ఆకాశంలో నిజంగా వచ్చి ఉన్న చంద్రుడే. అన్నల అద్దంలో ఉన్నది మంట. చంద్రుడు ఇంకా రానేలేదు. రానివాణ్ణి వచ్చాడన్నారు. కాగితం చంద్రుడి గురించి మామ్మ ఎప్పుడూ వచ్చాడనలేదు. పసుపు ముద్దలో గౌరమ్మను పిలిచినట్టు, వచ్చేవాడి కోసం అక్కడ ఒక పీట వేసి ఉంచిందంతే. పీటకు దండం పెట్టి విస్తరి ముందు కూర్చుంటే ఎవరైనా కోప్పడతారు.

ఆ రాత్రి మబ్బు విడేసరికి పదకొండు దాటింది. చిన్నత్త గోడకు చేరగిలబడి నిద్రపోయింది. మామ్మ ఆవిణ్ణి లేపి వసారా చివరికి నడిపించుకెళ్లి చూపించింది. నెత్తి మీద గోరంత తరిగిన చంద్రుడు అప్పటికే చాలా పైకి వచ్చేశాడు, తల ఒరిగి అచ్చం మేము కోసినట్టు పక్కకు తిరిగి ఉన్నాడు. పూజ ముగిశాక మామ్మ గౌరమ్మను ఒక వేలితో కొంచెం కదిపింది, ఉద్వాసన చెప్పేటప్పుడు కదుపుతాం కదా అలా. కానీ కాగితం చంద్రుడికి మాత్రం ఆ కదపడం ముందే జరిగిపోయేది. అసలువాడు కనపడిన మరుక్షణం వేలితో ఒక్క తోపు తోసి, "మామొచ్చాడు, ఇంక నువ్వెళ్లు" అనేది. పూజ అయ్యాక పంపడం మిగతా దేవుళ్లకు. ఈయనకు పూజ మొదలవ్వాలంటే బొమ్మ ముందు తప్పుకోవాలి. కళ్లకు కనపడే దేవుళ్లు సూర్యచంద్రులిద్దరే కనుక వాళ్ల దగ్గర ఈ పద్ధతేమో అని నా ఊహ. మామ్మను అడిగి ఉంటే ఇంకేదో చెప్పేది.

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మామ్మ లేదు, ట్రంకు పెట్టె ఉంది. పెంకులెగిరిపోయి ఆ గదిలోకి నీళ్లొచ్చాయి. చీరల సంగతి సరే, శుభలేఖల కట్ట ముద్దయిపోయింది. రెండు వారాలు తిరక్కుండానే కుమార పూర్ణిమ. మా వీధికి ఇంకా కరెంటు రాలేదు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, బడి లేదు, పొద్దుపోక ఆ కార్డులను ఒక్కొక్కటీ విడదీసి మేడ మీద ఎండబెట్టింది. పసుపు పాకి అన్నీ లేతపచ్చగా అయ్యాయి, ఉబ్బి ముడతలు పడ్డాయి. అందులో ఒకదాన్ని మూత పెట్టి కోసింది. కుందేలు అతికించబోతే నేనే వద్దన్నాను, ఆ ముడతల్లో కుందేలు అప్పటికే ఉంది.

సాయంత్రం వసారాలో దారం కట్టి, ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. ఎక్కడా ఒక్క బల్బు లేదు. చెట్లు పడిపోయి కొండ మునుపటికంటే దగ్గరగా కనిపించింది. మావుసి ఇంట్లోంచి శంఖం వినపడింది, అంటే వాళ్లకు ముందు కనపడ్డాడన్నమాట. మా అమ్మాయి లేచి, మునివేళ్ల మీద నిలబడి, కాగితం చంద్రుడికి వేలు తగిలించబోయి ఆగింది.

"అమ్మా, నేను తోయలేదు. దానంతట అదే కదిలిపోతోంది."