గోస్తనీ వెంట సైకిలు: అనంతగిరి నుంచి భీమిలి దాకా

హైదరాబాద్‌లో ఎంటీబీ, అంటే మౌంటెన్ బైక్, కొన్నవాళ్ళలో చాలామంది దాన్ని తారు రోడ్డు మీదే అరగదీస్తారు, వాళ్ళని అనడానికేం లేదు, పొద్దున్నే దొరికేది అదే మరి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు ట్రాకు 23 కిలోమీటర్లు ఉంటది, ఎండ తగలదు, కార్ల గోల లేదు, అన్నీ బాగానే ఉన్నాయి గానీ బొద్దు టైర్లతో ఆ నున్నటి దారి మీద ఎంత తొక్కినా గుర్రుమని సౌండు తప్ప స్పీడు రాదు, పక్కనుంచి రోడ్ బైకు వాళ్ళు జుయ్యిమని దాటిపోతుంటారు. ఖాజాగూడ గుట్టల్లో బండలు మస్తుంటాయి కానీ ఇటు మొదలుపెట్టేలోపే అటు అయిపోతాయి. వికారాబాద్ అనంతగిరికి పోతే అడవి, ఎర్రమట్టి, కాస్త ఎత్తుపల్లాలు దొరుకుతాయి, అయితే వీకెండ్ పోతే మనకంటే ముందే బిర్యానీ డబ్బాలు, స్పీకర్లు అక్కడికి చేరి ఉంటాయి.

కొండ, మట్టి దారి, పల్లెలు, చివర్లో సముద్రం, ఇవన్నీ ఒకే రూట్లో కావాలంటే మాత్రం రాత్రి రైలెక్కి వైజాగ్ పోవాల్సిందే. వైజాగ్ అనగానే మనోళ్ళు బీచ్ రోడ్డు, కైలాసగిరి, లేదంటే అరకు ఘాట్ అంటారు. నేను చెప్పేది ఈ మూడూ కాదు. గోస్తనీ నది పట్టుకుని కిందకి రండి అంటాను. మన వికారాబాద్ అనంతగిరిలో మూసీ పుట్టినట్టే అక్కడి అనంతగిరి కొండల్లో గోస్తనీ పుడతది, బొర్రా గుహల్లోంచి దూరి, తాటిపూడి రిజర్వాయర్లో కాసేపు ఆగి, పద్మనాభం పక్కనుంచి వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తది. నదికి రూట్ ప్లానింగ్ మనకంటే బాగా తెలుసు, ఎక్కడా అనవసరంగా ఎక్కదు. మొత్తం వంద కిలోమీటర్లకి అటూ ఇటూ పడతది, మీరు ఏ గట్టు, ఏ డొంక దారి పట్టుకుంటారన్న దాన్ని బట్టి. తొందర పెట్టుకోకుండా రెండు రోజులు వేసుకోండి.

ముందు సైకిలు పైకి చేర్చే సంగతి. వైజాగ్ నుంచి గానీ శృంగవరపుకోట నుంచి గానీ ఒక బొలేరో ట్రక్కు మాట్లాడుకుంటే సైకిళ్ళన్నీ ఎక్కించుకుని పైన దింపేస్తాడు, నలుగురు కలిస్తే పెద్ద ఖర్చేం కాదు. పట్టుదలగా కిందనుంచి తొక్కుకుంటూ ఎక్కేవాళ్ళూ ఉంటారు, దండం పెట్టేయడమే. హైదరాబాద్ నుంచి వైజాగ్ దాకా మాత్రం రైల్లో లగేజీగా బుక్ చేసేయడమే నయం అనిపిస్తది నాకు. ఒకసారి ప్రైవేట్ బస్సు డిక్కీలో వేశాం, మా సైకిళ్ళ మీద ఎవరివో ఉల్లిపాయ బస్తాలు పేర్చారు, దిగి చూస్తే నా డిరెయిలర్ హ్యాంగర్, అంటే వెనక గేర్లు మార్చే డిరెయిలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న ముక్క, లోపలికి వంగిపోయి ఉంది, గేరు మారిస్తే చువ్వల్లోకి పోతానంటది. అడిగితే క్లీనరు "సైకిలే కదన్నా" అన్నాడు. అప్పట్నుంచి రైలైనా బస్సైనా వెనక డిరెయిలర్ విప్పి అట్టముక్కలో చుట్టి ఫ్రేముకి కట్టేస్తున్నా, స్పేర్ హ్యాంగర్ ఒకటి బ్యాగులో ఎప్పుడూ ఉంటది, వంద గ్రాములు కూడా ఉండదు, ట్రిప్పు మొత్తాన్ని కాపాడతది.

బొర్రా గుహలు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంటాయి. వినడానికి పెద్ద విషయం కాదు, మన హైదరాబాదే 500 మీటర్ల పైన ఉంది కదా, కానీ మనకి ఆ ఎత్తు పీఠభూమి కింద పరిచేసి ఉంటది, అక్కడ ఆ ఎత్తంతా ఒక్కసారిగా కిందకి జారుతుంది. గుహల దగ్గర మొదలుపెడితే ముందు అరకు రోడ్డు మీదకి ఎక్కడానికే ఊపిరాడదు, అందుకని కొత్తవాళ్ళు డైరెక్టుగా అనంతగిరిలో దిగడం మేలు. రోడ్డుకి రెండు వైపులా సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. నవంబరు నుంచి జనవరి మధ్యలో వెళ్తే కొమ్మలకి ఎర్రటి పళ్ళు గుత్తులు గుత్తులుగా ఉంటాయి, ఊళ్ళల్లో ఇళ్ళ ముందు పట్టాల మీద గింజలు ఆరబోసి ఉంటాయి, ఆ పట్టాలు ఒక్కోసారి దారిలోకి కూడా వచ్చేస్తాయి, వాటి మీంచి మాత్రం తొక్కకండి బాబూ, దిగి నడిపించుకుంటూ పోండి. తోటల్లోపలి దారులు చూడగానే చేతులు దురద పెడతాయి, తెలుసు. కానీ వాటిల్లో అటవీ అభివృద్ధి సంస్థ తోటలు ఉన్నాయి, గిరిజన రైతులవి ఉన్నాయి, అడగకుండా దూరడం పద్ధతి కాదు. అడిగితే ఊళ్ళోవాళ్ళే ఏ దారి ఎక్కడ తేలుతుందో చెప్తారు, మ్యాప్ యాపు కంటే అదే కరెక్టు.

ఇంక ఘాట్ దిగడం. తారు రోడ్డే, అయినా ఈ రూట్లో జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఇదే, రాళ్ళ దారి కాదు. వంపుల్లో బస్సులు మొత్తం రోడ్డు తీసుకుంటాయి, వాళ్ళకి వేరే దారి కూడా లేదు. బ్రేకు నొక్కి పట్టుకుని దిగితే చక్రం దగ్గరి బ్రేకు డిస్కు కాలిపోతది, కాసేపయ్యాక లివర్ మెత్తబడిపోయి హ్యాండిల్ దాకా వచ్చేస్తది. వంపుకి ముందే గట్టిగా పట్టి స్పీడు తగ్గించి, వంపులో వదిలేయాలి, రెండు బ్రేకులూ వాడాలి, డముకు వ్యూ పాయింట్ లాంటి చోట ఆగి చల్లారనివ్వాలి. అసలు మౌంటెన్ బైకింగ్ చరిత్రే ఈ బ్రేకు కాలడంతో మొదలైంది తెలుసా, కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ అని, అదీ సముద్రం పక్కన కొండలే, అక్కడ కొంతమంది కుర్రాళ్ళు పాత బొద్దు టైర్ల సైకిళ్ళేసుకుని 1976లో ఒక మట్టి దారి మీద కిందకి రేసులు పెట్టుకున్నారు, ఆ సైకిళ్ళకి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు, ఒక్కసారి దిగేసరికి హబ్బులో గ్రీజంతా పొగై పోయేది, ప్రతిసారీ కొత్తగా గ్రీజు కూరాల్సి వచ్చేదట. ఆ రేసుకి రీప్యాక్ అనే పేరు అట్లనే వచ్చింది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌లో ఎంటీబీ పెట్టారు. ఇదంతా మా వాళ్ళకి తైడా దగ్గర టీ తాగుతూ చెప్తుంటే ఒక తమ్ముడు నా డిస్కు ముట్టుకుని వేలు కాల్చుకున్నాడు, చెప్పింది విన్నాడనే అనుకుంటున్నా.

శృంగవరపుకోట చేరితే సగం పనైనట్టు, అందరూ ఎస్.కోట అనే అంటారు. రాత్రికి అక్కడే పడుకుని పొద్దున్నే బయల్దేరితే నాకు అన్నిటికన్నా ఇష్టమైన ముక్క మొదలవుతది.

తాటిపూడి రిజర్వాయర్ వైజాగ్ సిటీకి తాగునీళ్ళిచ్చేది. మూడు వైపులా కొండలు, నీళ్ళ మీద పొద్దున్న మంచు. అక్కణ్ణుంచి కిందకి కాలవ గట్లు, చెరువు గట్లు, జీడి తోటల మధ్య బండి దారులు, తాటిచెట్ల వరసలు. గట్టు మీద తొక్కడం అనేది ఒక విద్య, ఎడం పక్క నీళ్ళు, కుడి పక్క పొలం, మధ్యలో మూరెడు దారి, ఎదురుగా గేదెలు. గేదె పక్కకి జరగదు, మనమే జరగాలి, కానీ జరగడానికి చోటుండదు, కాబట్టి దిగి నిలబడితే అది మనల్ని పైకీ కిందకీ చూసి దాని తీరికలో అది పోతది. నవంబరులో అయితే గోగు కోసి కట్టలు కట్టి చెరువుల్లో ఊరబెడతారు, నార తీయడానికి, ఆ వాసన కిలోమీటరు ముందే తెలుస్తది. నడుం లోతు నీళ్ళల్లో నిలబడి ఒక్కో కాడ నుంచి నార సర్రున లాగుతుంటారు, తెల్లటి పుల్ల ఒక పక్క, నార ఒక పక్క, పక్కన గట్టు మీద కర్రలకి జుట్టులా ఆరేసి ఉంటది. మొదట ముక్కు మూసుకున్నా, కాసేపు నిలబడి చూస్తే వాసన సంగతి మర్చిపోతారు.

అట్లా నిలబడ్డప్పుడే ఒక పెద్దాయన నా సైకిలు చుట్టూ రెండు రౌండ్లు తిరిగాడు. "ఎంతెట్టి కొన్నారు బాబూ?" అన్నాడు. సగం తగ్గించి చెప్పా. ఆయన ఇంకోసారి చూసి, "స్టాండు నేదు, కేరేజీ నేదు, మడ్‌గార్డు నేదు, ఏటి బాబూ, అంత డబ్బెట్టి సగం సైకిలే ఇచ్చారేటి?" అన్నాడు. మా వాళ్ళు ఇప్పటికీ నా బండిని సగం సైకిలనే పిలుస్తారు.

టైర్ల గురించి ఒక మాట, ఎందుకంటే ఇక్కడే పంక్చర్లు పడతాయి. హైదరాబాద్ చుట్టుపక్కల మనకి సర్కారు తుమ్మ ముల్లు భయం, అక్కడ పల్లేరు కాయలు. గట్ల మీద, పొలాల అంచుల్లో పాకి ఉంటాయి, ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటది. ట్యూబ్‌లెస్ చేయించుకుని టైర్లో సీలెంట్, అంటే బొక్కలు పూడ్చే ద్రవం, పోయించుకుంటే ముళ్ళు దిగినా చుక్క కారి ఆగిపోతది. ముల్లు కనపడగానే పీకకండి, చక్రం తిప్పి ఆ చోటు కిందకి తెచ్చి అప్పుడు లాగండి, సీలెంట్ అక్కడికి చేరి బొక్క మూస్తది. గాలి విషయంలో నా బరువుకి, 2.25 అంగుళాల టైర్లకి, 25 పీఎస్ఐ దగ్గర ఉంచుతా, ట్యూబులున్నవాళ్ళు 30 కంటే తగ్గించొద్దు, రాయికి రిమ్ము తగిలి ట్యూబు రెండు చోట్ల చీరుతది. హైదరాబాద్‌లో షాపువాళ్ళు గట్టిగా 50 కొట్టి పంపిస్తారు, అది తారుకి ఓకే, మట్టిలో మాత్రం బండి ఎగిరెగిరి పడతది.

పద్మనాభం దాటేటప్పుడు తొందరపడకండి. కొండ మీద అనంత పద్మనాభస్వామి గుడి ఉంది, వెయ్యికి పైగా మెట్లు, సైకిలు కింద తాళం వేసి ఎక్కండి, పైనుంచి గోస్తనీ వంపులు కనిపిస్తాయి. ఈ కొండ కింద మైదానంలోనే 1794 జూలై 10న విజయనగరం రాజు విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సైన్యంతో యుద్ధం చేసి చనిపోయాడు. అదే మండలంలో పాండ్రంగి ఉంది, అల్లూరి సీతారామరాజు పుట్టిన ఊరు, అది కూడా గోస్తనీ దగ్గరే. ముందు రోజు దిగిన కొండలేమో ఇప్పుడు ఆయన పేరు మీద ఉన్న జిల్లా. స్కూల్లో పాఠంగా చదివితే ఆ ఊరూ, ఆ కొండలూ వేరే వేరే చోట్లు, నది వెంట తొక్కితే ఒకటిన్నర రోజు దూరం.

తగరపువలస దగ్గర హైవే దాటాలి, అక్కడ లారీల మధ్య హీరోయిజం వద్దు, దిగి నడిపించండి. ఆ తర్వాత భీమిలి దాకా పాదాలు ఆడిస్తే చాలు. భీమిలి 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు, డచ్చివాళ్ళ సమాధులు, లైట్‌హౌసు, నది సముద్రంలో కలిసే చోటు, అన్నీ దగ్గర దగ్గరే. తడి ఇసుక గట్టిగా ఉంటది కదా అని అలల అంచున తొక్కాలనిపిస్తది, ఫోటోలు అదిరిపోతాయి, కానీ ఉప్పునీళ్ళు బేరింగుల్లోకి, చైనులోకి పోతే హైదరాబాద్ వచ్చేసరికి చైను తుప్పు రంగులో ఉంటది. నేనైతే ఒడ్డునే ఆగుతా. ఎర్రమట్టి దిబ్బల దగ్గర అయితే ఇంకా గట్టిగా చెప్తా, ఆ గాడులు చూస్తే ఎంటీబీ కోసమే చేసినట్టుంటాయి, కానీ అది జాతీయ భూవారసత్వ స్థలం, వాన, గాలి వేల ఏళ్ళుగా చెక్కినది, ఒక్క టైరు గాడి పడితే తర్వాతి వానకి అదే కాలవ అవుతది. రీలు కోసం అందులో సైకిలు దించేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది. బయట పెట్టి నడవండి.

భీమిలి నుంచి వైజాగ్‌కి బీచ్ రోడ్డు పాతిక కిలోమీటర్ల పైన. కాళ్ళల్లో ఇంకా సత్తా ఉంటే మంగమారిపేట దగ్గర తొట్లకొండ రోడ్డు ఎక్కండి, బౌద్ధుల విహారాల శిథిలాలు పైన ఉన్నాయి, 1976లో నేవీవాళ్ళు సర్వే చేస్తుంటే బయటపడ్డాయి. ఎత్తు 128 మీటర్లే గానీ అప్పటికి అలిసిపోయి ఉంటారు కాబట్టి అరకులా అనిపిస్తది. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి వస్తది, అంటే వైజాగ్ వైపు వెళ్తుంటే వీపు మీద తోస్తది, జూలైలో ఇదే రూట్ తొక్కితే నైరుతి గాలి మొహం మీద కొడతది, ఒక్క కిలోమీటరు మూడు కిలోమీటర్లు లెక్క.

అందుకే నెల ముఖ్యం. అక్టోబరు, నవంబరు మొదట్లో తుపాను వార్తలు చూసుకోకుండా టికెట్లు తీయకండి, 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు పైన కాఫీ తోటల్లో నీడచెట్లు కూడా పడిపోయాయి. నవంబరు సగం నుంచి జనవరి చివరిదాకా బెస్ట్, సంక్రాంతి వారం మాత్రం వదిలేయండి, రైల్లో మనకే సీటు ఉండదు, సైకిలుకి ఎక్కడ. రెండు రోజులు సెలవు దొరకనివాళ్ళు ఘాట్ మొత్తం వదిలేసి తాటిపూడి నుంచి భీమిలి దాకా ఒక్కరోజులో తొక్కేయొచ్చు. ఆర్కే బీచ్‌కి చేరాక ముంత మసాలా తినేసి, సైకిలు ఏదైనా వాటర్ వాష్ షాపులో మంచినీళ్ళతో కడిగించండి, ప్రెజర్ గన్ హబ్బుల మీద పెట్టొద్దని ముందే చెప్పండి, చైను తుడిచి ఆయిల్ వేసి అప్పుడే స్టేషన్‌కి తీసుకెళ్ళండి.